ముందు నోల్, ఆ తర్వాతే సిస్సింగ్‌హర్స్ట్

లండన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు కెంట్ వైపు వెళ్తే ఎక్కువగా సిస్సింగ్‌హర్స్ట్ తోట చూసి, ఫొటోలు దిగి, బాగుంది అనుకుని వచ్చేస్తారు. రెండేళ్ళ కిందట నేనూ అలాగే వచ్చేశాను. ఈ వేసవిలో అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు మాత్రం ముందు రోజు నోల్ అనే పాత భవంతి చూపించి, మర్నాడు సిస్సింగ్‌హర్స్ట్‌కి తీసుకెళ్ళాను. నేను అంతకుముందు చూసిన తోటేనా ఇది అనిపించింది. అందుకే ఇదంతా రాస్తున్నా. రెండూ ఇప్పుడు పాత భవంతుల్ని, తోటల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉన్నాయి. టికెట్లు దేనికది కొనుక్కోవాలి, ఏడాది మెంబర్‌షిప్ ఉంటే రెండూ అందులోనే వస్తాయి.

ఈ రెండు చోట్లనీ కలిపే మనిషి, సిస్సింగ్‌హర్స్ట్ తోట వేసిన రచయిత్రి వీటా శాక్‌విల్-వెస్ట్. 1892లో నోల్‌లో పుట్టింది. మూడో బేరన్ (వంశపారంపర్య బిరుదు) శాక్‌విల్‌కి ఒక్కతే కూతురు, అన్నదమ్ములు లేరు.

నోల్ సెవెనోక్స్ ఊరిని ఆనుకునే ఉంటుంది. చుట్టూ దాదాపు వెయ్యి ఎకరాల పార్కు, అందులో జింకలు మనుషుల పక్కనుంచే నడిచిపోతుంటాయి (తిండి మాత్రం పెట్టకూడదు, పిల్లలకి ముందే చెప్పండి). పార్కులో నడవడానికి డబ్బులేమీ కట్టక్కర్లేదు. ఇల్లు చూస్తే ఇల్లు అనబుద్ధి కాదు, చిన్న ఊరు అనాలి. 365 గదులు, 52 మెట్ల వరసలు, 7 లోగిళ్ళు అని చెప్తారు, ఏడాదికీ వారాలకీ రోజులకీ లెక్క కుదిరేలా. 1603 నుంచి శాక్‌విల్‌ల వంశం ఇక్కడే ఉంది, ఇప్పటికీ ఒక భాగంలో ఉంటున్నారు. మనకి చూపించేది కొన్ని గదులే, వాటిలో వెండి తాపడం చేసిన సామాను ఉన్న కింగ్స్ రూమ్ దగ్గర అమ్మ చాలాసేపు నిలబడిపోయింది. లోపల వెలుతురు తక్కువ, పాత బట్టలు, తివాసీలు పాడవకుండా అలా ఉంచుతారు. కళ్ళు అలవాటు పడేదాకా తొందరపడకుండా చూడండి.

వీటా చిన్నతనమంతా ఈ పొడవాటి నడవాల్లో ఒక్కతే తిరుగుతూ గడిచింది. 1913లో హెరాల్డ్ నికల్సన్‌తో పెళ్ళి కూడా ఇక్కడి చాపెల్‌లోనే. 1928 జనవరిలో తండ్రి పోయాడు. బిరుదుతో పాటు ఇల్లు కూడా మగవాళ్ళకే పోవాలన్నది ఆ వంశం కట్టుబాటు, కాబట్టి రెండూ బాబాయి చార్లెస్‌కి వెళ్ళాయి. ముప్ఫై అయిదేళ్ళ మనిషి, అప్పటికే పేరున్న కవయిత్రి, ఆ ఇంట్లో ప్రతి మూలా తెలిసిన ఒక్కగానొక్క కూతురు, ఆడపిల్ల అయినందుకు మాత్రమే బయట నిలబడాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆవిడ నోల్‌కి వెళ్ళింది చాలా అరుదు. అదే ఏడాది అక్టోబర్‌లో ఆవిడకి ఎంతో దగ్గరైన రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ 'ఓర్లాండో' నవల వేసింది. అందులో ముఖ్యపాత్ర వీటాయే, కథలో ఇల్లు చివరికి ఆమెకే దక్కుతుంది. ఆ నవల చేతిరాత ప్రతిని వుల్ఫ్ వీటాకే ఇచ్చింది, ఇప్పుడది నోల్ సొత్తు. ఇల్లు దక్కని మనిషికి ఇల్లు దక్కినట్టు రాసిన కాగితాలు తిరిగి ఆ ఇంటికే చేరాయని తెలిసినప్పుడు నాకు నోట మాట రాలేదు.

ఇదంతా నేను అమ్మకి లోగిట్లో బెంచీ మీద కూర్చుని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "పుట్టిల్లే కదే, ఎలా ఉండగలిగిందో" అంది. అమ్మకి 1981లో పెళ్ళయింది. మన దగ్గర ఎన్టీఆర్ హయాంలో ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ 1985 నుంచి అమల్లోకి వచ్చేలా చట్టం తెచ్చారు, కానీ అప్పటికే పెళ్ళయిపోయిన ఆడపిల్లలకి అది వర్తించలేదు. తాతయ్య ఇల్లు మావయ్యలకి వెళ్ళింది. మావయ్యలు మంచివాళ్ళే, పండక్కి పిలిచి చీర పెడతారు, అమ్మ ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. నోల్‌లో ఆ బెంచీ మీద కూడా అనలేదు. ఇక్కడ ఇంగ్లండ్‌లో 2013లో రాజసింహాసనం వరకు ఆడామగా తేడా తీసేశారు, వంశపారంపర్య బిరుదులు చాలావరకు ఇప్పటికీ మగవాళ్ళకే. ఇది నాకు కోపం తెప్పించే విషయం, దాచుకోను.

మర్నాడు సిస్సింగ్‌హర్స్ట్. 1930లో వీటా, హెరాల్డ్ దీన్ని 12,375 పౌండ్లకి కొన్నారు. అప్పటికది శిథిలం. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్స్‌తో జరిగిన ఏడేళ్ళ యుద్ధం రోజుల్లో ఫ్రెంచి ఖైదీలని ఉంచారు, ఆ తర్వాత ఊరి పేదల్ని ఉంచారు, పొలం కూలీలు ఉన్నారు. తోట ఉండాల్సిన చోట చెత్త కుప్పలు, తుప్పు పట్టిన ఇనుము. వీటాకి డబ్బు కష్టాలున్న జీవితం కాదు, అది కూడా చెప్పాలి, ఆ శిథిలాన్ని అలా కొనగలగడమే పెద్దింటి పిల్ల కాబట్టి. కానీ కొన్నాక పడిన కష్టం నిజమైనది.

నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇంకోటి ఉంది. నోల్‌ని శాక్‌విల్‌ల ఇల్లు చేసిన థామస్ శాక్‌విల్ భార్య సిసిలీ బేకర్ పుట్టిల్లు ఈ సిస్సింగ్‌హర్స్టే. పదహారో శతాబ్దంలో ఇక్కడినుంచి ఒక ఆడపిల్ల శాక్‌విల్‌ల కోడలిగా వెళ్ళింది, దాదాపు నాలుగు వందల ఏళ్ళకి ఆ వంశపు ఆడపిల్ల అక్కడ చోటు లేక ఇక్కడికి వచ్చింది. వీటాకి ఈ సంబంధం తెలుసు. అమ్మకి ఇది చెప్పగానే, "అయితే అమ్మమ్మగారింటికి వచ్చిందన్నమాట" అంది. ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

తోటని గదులు గదులుగా వేశారు. ప్లాన్ గీతలు హెరాల్డ్‌వి, మొక్కలు వీటావి. గోడలు, కంచెలు, వాటి మధ్య సన్నటి దారులు, ఒక మలుపు తిరిగితే ఎరుపూ పసుపూ నారింజా పూలు, ఇంకో మలుపు తిరిగితే గులాబీలు గోడ మీద నుంచి కిందికి వాలిపోతూ. నోల్ చూసి వస్తేనే ఈ దారులు, తలుపులు ఎక్కడివో అర్థమవుతుంది. అక్కడ బూడిద రంగు రాయి, ఇక్కడ లేత ఎర్రటి ఇటుక, కానీ నడుస్తుంటే అదే నడక. అసలు వాళ్ళ ఇల్లు కూడా ఒక్క చోట లేదు. పడక ఒక కుటీరంలో, వంటా భోజనం ఇంకో ఇంట్లో, వీటా రాసుకునే గది టవర్‌లో. అన్నానికి వెళ్ళాలంటే తోట దాటాల్సిందే, వానలో అయినా.

టవర్ పైకి 78 మెట్లు, సన్నగా మెలికలు తిరిగి ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఎక్కొద్దు, అమ్మ కింద కూర్చుంది. రాసుకునే గదిని గుమ్మం దగ్గర నుంచే చూడాలి. ముప్ఫై ఏళ్ళలో సొంత కొడుకులు కూడా వేళ్ళ మీద లెక్కపెట్టినన్ని సార్లే లోపలికి వెళ్ళారట.

వైట్ గార్డెన్ గురించి ఎంత చెప్పినా తక్కువే. అన్నీ తెల్ల పూలు, వెండి రంగు ఆకులు. 1950 ప్రాంతంలో వీటా వేసింది, సందె వెలుగులో తెల్ల గుడ్లగూబ ఎగిరిపోతుంటే చూడాలని ఆశపడింది. అమ్మ అయితే మల్లెలు, జాజులు, నందివర్ధనం, సన్నజాజులు అని వేళ్ళు మడుస్తూ, ఇంటికెళ్ళాక పెరట్లో ఒక వారగా ఇలా వేస్తానంది.

1938లో మొదటిసారి తోటలోకి జనాన్ని రానిచ్చినప్పుడు టికెట్ ఒక షిల్లింగు (అప్పటి ఇంగ్లీషు నాణెం). వచ్చినవాళ్ళని వీటా ప్రేమగా 'షిల్లింగులు' అనేది. కానీ తోటని నేషనల్ ట్రస్ట్‌కి ఇద్దామని కొడుకు నైజెల్ అడిగితే మండిపడింది. అప్పటికి నోల్ ట్రస్ట్‌కి వెళ్ళిపోయింది మరి. 1962లో ఆవిడ పోయాక, పన్నులు కట్టలేక 1967లో ఇవ్వక తప్పలేదు. అలా ఇచ్చారు కాబట్టే మనం చూడగలుగుతున్నాం, అయినా గేటు దగ్గర బోర్డు చూసినప్పుడు ఆవిడ కోపం గుర్తొచ్చింది.

వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు. కారుంటే మంచిది. రైలైతే స్టేపుల్‌హర్స్ట్‌లో దిగాలి, అక్కడి నుంచి ఇంకా చాలా దూరం. మొదటిసారి నేను ముందే మాట్లాడుకున్న టాక్సీ రాక గంటసేపు స్టేషన్ బయట టెన్షన్‌తో నిలబడ్డాను, కాబట్టి తిరుగు ప్రయాణం కూడా ముందే ఖాయం చేసుకోండి. నోల్ లోపలి గదులు ఏ రోజుల్లో తెరుస్తారో చూసుకుని బయల్దేరండి. రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు, పెద్దవాళ్ళతో అస్సలు వద్దు. పులిహోర తీసుకెళ్తే తోట బయట పొలాల వైపు కూర్చుని తినొచ్చు.

మేం వెళ్ళింది జూన్ రెండో వారం. వైట్ గార్డెన్ మధ్యలో పందిరి మీదికి పాకించిన తెల్ల గులాబీ ఇంకా మొగ్గలతోనే ఉంది, అది జూలై మొదట్లో పూస్తుంది. అమ్మ తిరుగు టికెట్ ఆగస్టులో, కాబట్టి ఇంకోసారి వెళ్తున్నాం, ఈసారి మూసేవేళ దాకా అక్కడే ఉంటాం.