మేలిరకం కాగితాలు, ప్రింట్ ఫినిష్‌లు: దేని మీద ఏది నిలుస్తుంది?

స్వాచ్ బుక్ (కాగితం నమూనాల పుస్తకం) తిరగేసి, వేళ్లతో తడిమి, నచ్చిన కాగితాన్ని ముందే ఖాయం చేసుకుంటారు. ఫాయిలా (వేడితో అతికించే పల్చటి రేకు), ఎంబాసింగా (ఉబ్బెత్తుగా నొక్కడం), స్పాట్ యూవీనా (కొన్ని చోట్లే వేసే నిగనిగల పూత) అన్నది తర్వాత చూద్దాంలే అనుకుంటారు. డిజైన్ పనుల్లో డబ్బూ గడువూ ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఈ వరుస తిరగబడాలి. ముందు ఫినిష్ తేల్చుకోవాలి, దానికి ఎలాంటి ఉపరితలం కావాలో చూడాలి, కాగితం సంగతి ఆ తర్వాత. డిజైనర్లు తరచుగా అడిగే కొన్ని కాగితాలను ఇక్కడ వాటి మీద జరిగే పనితో కలిపి చూస్తున్నాం. స్వాచ్‌లో ఎంత బాగున్నా, సిరా పడ్డాక, డై (నొక్కే లోహపు అచ్చు) దిగాక, మడత పెట్టాక ఎలా ఉంటుందన్నదే కొలత.

పూత లేని అన్‌కోటెడ్ కాగితాల్లో మొహాక్ సూపర్‌ఫైన్‌ది ఇప్పటికీ పెద్దపీటే. ఈ అమెరికన్ కాగితం 1946లో వచ్చింది. స్మూత్, ఎగ్‌షెల్ అనే రెండు ఉపరితలాల్లో దొరుకుతుంది. పుస్తకాల లోపలి పేజీలకు, ఫొటోలు తక్కువగా ఉన్న కేటలాగ్‌లకు, అక్షరమే ప్రధానమైన పనులకు మా మొదటి ఎంపిక ఇదే. కారణం నునుపు ఒక్కటే కాదు. మంచి అన్‌కోటెడ్ షీటును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే నార మబ్బులు మబ్బులుగా పేరుకోకుండా సమంగా పరుచుకుని కనిపించాలి. అలా లేని కాగితం మీద పెద్ద సాలిడ్ రంగు (ఖాళీ లేకుండా నిండుగా పడే రంగు) వేస్తే మచ్చలు మచ్చలుగా తేలుతుంది. కాగితం కొనేముందు ఎవరైనా చేయగల పరీక్ష ఇది, ఖర్చేమీ లేదు.

అయితే అన్‌కోటెడ్ కాగితం దేనికైనా సరే సిరా పీల్చుకునే గుణం ఉంటుంది. ఆఫ్‌సెట్ ముద్రణ ప్రమాణం ఐఎస్ఓ 12647-2 ప్రకారం, అచ్చులో ఛాయలను ఏర్పరిచే చుక్కల్లో ఫైల్లో 50 శాతంగా ఉన్న చుక్క కోటెడ్ కాగితం మీద సుమారు 66 శాతంగా, అన్‌కోటెడ్ మీద సుమారు 72 శాతంగా పడుతుంది. ఆ తేడా లెక్కలో లేకుండా కోటెడ్ కోసం తయారుచేసిన ఫొటోనే పంపితే నీడలు మూసుకుపోతాయి, ముఖాలు బురదగా కనిపిస్తాయి. కోటెడ్ పనికి ఫోగ్రా 51, అన్‌కోటెడ్ పనికి ఫోగ్రా 52 (జర్మనీ ముద్రణ పరిశోధన సంస్థ ఫోగ్రా ఇచ్చే కొలతలు) ఆధారంగా ఉన్న రంగుల ప్రొఫైల్ వాడి, అన్‌కోటెడ్‌లో నాలుగు రంగుల మొత్తం సిరాను 300 శాతం దాటనివ్వకండి. 280 దగ్గర ఆపితే ఇంకా నయం. పాంటోన్ నంబర్ల (ముందే కలిపిన సిరా రంగుల నంబర్లు) విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. సీ (కోటెడ్) పుస్తకంలో, యూ (అన్‌కోటెడ్) పుస్తకంలో ఒకే నంబరుకు సిరా మిశ్రమం ఒకటే, కానీ కాగితం మారగానే రంగు మారిపోతుంది. కంపెనీ లోగో రంగు రెండు కాగితాల మీదా ఒకేలా ఉండాలంటే అన్‌కోటెడ్ కోసం వేరే నంబరును కంటితో చూసి ఎంచుకోవాల్సి రావచ్చు.

ఆరడం మరో సమస్య. మామూలు ఆఫ్‌సెట్ సిరా అన్‌కోటెడ్ మీద పైకి ఆరినట్టు కనిపించినా లోపల పచ్చిగానే ఉంటుంది. ముదురు సాలిడ్‌లు ఉన్న పనిని ఒకటి రెండు రోజులు ఆరనివ్వకుండా కటింగ్‌కు, బైండింగ్‌కు పంపితే ఎదుటి పేజీకి మరకలు అంటుతాయి. ఎల్ఈడీ యూవీ ప్రెస్ అయితే సిరా అతినీలలోహిత దీపం కిందే గట్టిపడుతుంది, కాగితంలోకి ఇంకే వ్యవధి ఉండదు కాబట్టి రంగు కూడా నిండుగా నిలుస్తుంది. ముదురు రంగులున్న అన్‌కోటెడ్ పనికి అలాంటి ప్రెస్ ఉన్నచోటు వెతుక్కోవడం వృథా శ్రమ కాదు.

జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) అంటే బరువు, మందం కాదు. 300 జీఎస్ఎం గ్లాసీ ఆర్ట్ కార్డు (మెరిసే కోటెడ్ రకం) సుమారు 240 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటే, అదే బరువున్న అన్‌కోటెడ్ కార్డు 390 దాకా ఉండొచ్చు. చేతికి తగిలే దిట్టదనం ఈ మందంలోనిదే. పుస్తకం వెన్ను లెక్క తప్పేదీ ఇక్కడే. 200 పేజీలంటే 100 ఆకులు. 120 జీఎస్ఎం అన్‌కోటెడ్ ఆకు 150 మైక్రాన్లయితే వెన్ను 15 మిల్లీమీటర్లు, అదే బరువున్న సిల్క్ కోటెడ్ (తక్కువ మెరుపు పూత) అయితే పది చిల్లర. ఖాయం చేసిన కాగితంతోనే తెల్ల డమ్మీ (అచ్చులేని నమూనా పుస్తకం) కట్టించి స్కేలుతో కొలిచాకే కవర్ ఫైలు తయారుచేయాలి.

ఇక రంగు కాగితాలు. ఇంగ్లండ్‌కు చెందిన జీ.ఎఫ్. స్మిత్ 1972లో తెచ్చిన కలర్‌ప్లాన్‌కు ఈ కోవలో మంచి పేరుంది. 50కి పైగా రంగులు, పల్చటి లెటర్‌హెడ్ కాగితం నుంచి 700 జీఎస్ఎం దాకా బరువులు. రంగు పైపూత కాదు, గుజ్జులోనే కలిసి ఉంటుంది. కోసిన అంచు, మడత గీత, డై కట్ చేసిన కిటికీ అన్నీ అదే రంగులో ఉంటాయి. తెల్ల కార్డు మీద రంగు సాలిడ్ అచ్చువేసి మడిస్తే గీత వెంట తెల్లగా పగులుతుంది. ఇందులో ఆ బెడద లేదు. ఆహ్వానపత్రాలకు, ఫోల్డర్లకు, ఎన్వలప్‌లకు దీన్ని మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాం. దీని మీద ఫొటో మాత్రం అచ్చువేయకండి. ఆఫ్‌సెట్ సిరాలు పారదర్శకం, కింద కాగితం రంగు కలిసే కనిపిస్తుంది. పసుపు కాగితం మీద నీలం వేస్తే ఆకుపచ్చ వస్తుంది. నలుపు, ముదురు సింగిల్ కలర్, ఫాయిల్, బ్లైండ్ ఎంబాసింగ్ (సిరా, ఫాయిల్ లేకుండా నొక్కడం) దీనికి నప్పుతాయి. ఇంకో మాట: ఏ మిల్లు రంగు కాగితమైనా ఒక బ్యాచ్‌కు, ఇంకో బ్యాచ్‌కు ఛాయ కొద్దిగా మారొచ్చు. కార్డు, ఎన్వలప్, పెట్టె పక్కపక్కన ఉండే సెట్ అయితే మొత్తం కాగితం ఒకే బ్యాచ్‌లో తెప్పించుకోండి.

నల్ల కాగితాల్లో ఇటలీ కంపెనీ ఫెడ్రిగోని తయారుచేసే సిరియో అల్ట్రా బ్లాక్‌ను చూసి మనసు పారేసుకోనివారు తక్కువ. నలుపు నిజంగా లోతైనది. దాని మీద తెల్ల అక్షరాలు ఎలా వస్తాయన్నదే అసలు ప్రశ్న. ఆఫ్‌సెట్ తెలుపు ఒక్క పూతలో బూడిద రంగుగా మిగిలిపోతుంది. డిజిటల్ ప్రెస్‌లో తెల్ల సిరా రెండు మూడు పూతలు వేస్తే మెరుగు. స్క్రీన్ ప్రింటింగ్‌లో మందంగా పడుతుంది కాబట్టి పెద్ద ఆకారాలకు అదే మేలు. సన్నని అక్షరాలు పదునుగా కావాలంటే తెల్ల పిగ్మెంట్ ఫాయిల్. ఈ నాలుగింటిలో మా ఓటు ఫాయిల్‌కే. ఒకటి గుర్తుంచుకోవాలి, ముదురు కాగితం మీద వేలిముద్రలు, గోటి గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. రోజూ చేతులు మారే మెనూ కార్డు లాంటి వాటికి ఇది తగదు. పెట్టెలో పెట్టి ఇచ్చే వస్తువుకు తగుతుంది.

లెటర్‌ప్రెస్ (ఉబ్బెత్తు ప్లేటును కాగితంలోకి నొక్కి అచ్చువేయడం) చేయించాలనుకుంటే నూలు కాగితం వైపు చూడండి. జర్మనీలో 1829 నుంచి నడుస్తున్న గ్ముండ్ మిల్లు తయారుచేసే గ్ముండ్ కాటన్ పూర్తిగా పత్తితో చేసింది. జిన్నింగ్ అయ్యాక గింజకు అంటుకుని మిగిలే పొట్టి నూగును ఇలాంటి కాగితాలకు వాడతారు. నార మెత్తగా, ఒత్తుగా ఉండడంతో ప్లేటు దిగిన చోట కాగితం చిట్లకుండా లోపలికి కుంగుతుంది, గుంట అంచులు పదునుగా నిలుస్తాయి. 300 జీఎస్ఎం మీద లోతుగా నొక్కితే వెనకవైపు బుడిపెలు తేలతాయి. రెండువైపులా అచ్చు ఉంటే 600కు వెళ్లాల్సిందే. అంత మందం ఉంటే అంచుకు రంగు వేయించుకునే వీలూ ఉంటుంది. అయితే లెటర్‌ప్రెస్‌లో పెద్ద సాలిడ్ అడగకండి. ఒత్తిడి విశాలమైన వైశాల్యం మీద పంచుకుపోతుంది, గుంట పడదు, సిరా ఉప్పు చల్లినట్టు చుక్కలు చుక్కలుగా వస్తుంది. సన్నని గీతలు, మంచి అక్షరాలు, చుట్టూ ఖాళీ స్థలం: దాని బలం అక్కడే ఉంది.

హాట్ ఫాయిలింగ్ గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఎక్కువమంది అడిగేదీ, ఎక్కువగా చెడేదీ ఇదే. వేడెక్కిన లోహపు డై ఫాయిల్‌ను కాగితానికి నొక్కుతుంది; వేడి, ఒత్తిడి, నొక్కి ఉంచే సమయం మూడూ కుదిరితేనే అతుకుతుంది. వేడి ఎక్కువైతే అక్షరం చుట్టూ అంచులు పొంగి సన్నని సందులు పూడిపోతాయి. తక్కువైతే అక్కడక్కడా ఊడుతుంది. మెగ్నీషియం డై చవక, చిన్న పనికి సరిపోతుంది. రాగి డై ఎక్కువ కాలం పదును నిలుపుకుంటుంది, సన్నని పనికి అదే కావాలి. ఫాయిల్, ఎంబాసింగ్ ఒకే దెబ్బలో జరగాలంటే చెక్కిన ఇత్తడి డై. గీత 0.25 మిల్లీమీటర్ల కన్నా సన్నగా, గీతల మధ్య సందు 0.5 కన్నా ఇరుగ్గా ఉంటే ఫైలును సరిచేయమని వెనక్కి పంపడమే మంచిది. తెలుగు అక్షరాలకు ఇది మరీ ముఖ్యం. వొత్తులు, గుడులు, తలకట్ల లోపలి సందులు చిన్న సైజులో ఇట్టే పూడుకుపోతాయి. గీతల మందంలో తేడా ఎక్కువగా ఉన్న ఫాంటు కన్నా మందం సమంగా ఉన్న ఫాంటును, ఇంగ్లిష్ అక్షరాల కన్నా రెండు మూడు పాయింట్లు పెద్దగా పెట్టండి.

కాగితం గరుకుదనం కూడా ఫాయిల్‌ను ఇబ్బంది పెడుతుంది. లెయిడ్, ఫెల్ట్, లినెన్ లాంటి గరుకు కాగితాల మీద ఫాయిల్ మిట్టల మీదే అతుక్కుని పల్లాల్లో వదిలేస్తుంది. ఒత్తిడి పెంచితే కొంత కుదురుతుంది, కానీ అప్పుడు అక్షరం లోతుగా దిగుతుంది. అది మీకు ఇష్టమైతే సరే, అద్దంలాంటి మెరుపే కావాలంటే నున్నని షీటు తీసుకోండి. టోనర్ డిజిటల్ ప్రింట్ మీద, యూవీ వార్నిష్ మీద ఫాయిల్ పట్టు నమ్మకం కాదు. అదే పని మీద నమూనా తీయించి, సెలోటేపు అంటించి పీకి చూడమనండి.

ఎంబాసింగ్‌కు పొడవాటి నార ఉన్న, 200 నుంచి 350 జీఎస్ఎం మధ్య అన్‌కోటెడ్ కాగితం హాయిగా లొంగుతుంది. పొట్టి నార ఎక్కువగా ఉన్న రీసైకిల్డ్ కాగితం లోతైన అంచుల దగ్గర చిట్లుతుంది. రంగు, ఫాయిల్ ఏమీ లేని బ్లైండ్ ఎంబాసింగ్ నీడల మీదే బతుకుతుంది, కాబట్టి తెలుపు, లేత రంగులు దానికి తగినవి. నల్ల కాగితం మీద పక్కనుంచి వెలుతురు పడితే తప్ప కనబడదు.

ఫొటోలు, నిండు రంగులు, స్పాట్ యూవీ కావాలంటే మేలిరకం కాగితం మోజు పక్కనపెట్టి మంచి కోటెడ్ కార్డు, మ్యాట్ లామినేషన్ తీసుకోండి. అన్‌కోటెడ్ మీద నేరుగా వేసిన స్పాట్ యూవీ కాగితంలోకి ఇంకిపోయి నూనె మరకలా మిగులుతుంది. గరుకు కాగితానికి లామినేషన్ చేయిస్తే డబ్బుపెట్టి కొన్న గరుకుదనమే ఫిల్ము కింద పోతుంది. లామినేషన్‌లో తరచుగా వచ్చే తప్పులు రెండు. ముదురు రంగుల మీద వెండి పొడిలా కనిపించడం ఒకటి; ప్రెస్‌లో చల్లిన పౌడరు ఎక్కువై ఫిల్ము కింద గాలి చిక్కుకోవడం దానికి కారణం. రెండోది, ఒకవైపే లామినేట్ చేసిన కవరు వంకర తిరగడం. ఫిల్ము ఉన్నవైపు తేమ సోకదు, లేనివైపు కాగితం తేమ పీల్చి సాగుతుంది. రెండువైపులా చేయించడమో, గాలి ఆడే నైలాన్ ఫిల్ము అడగడమో దీనికి మందు. సాఫ్ట్ టచ్ ఫిల్ము చేతికి బాగుంటుంది, ముదురు రంగుల మీద మాత్రం రాపిడి గీతలు త్వరగా పడతాయి. ముదురు కవర్లకు గీతలు పడని రకం మ్యాట్ ఫిల్ము అడగండి. స్పాట్ యూవీని మడతకు, కటింగ్ అంచుకు, జిగురు పట్టీకి రెండు మూడు మిల్లీమీటర్ల దూరం ఉంచాలి. మడత మీద పడితే పగులుతుంది, జిగురు మీద పడితే పెట్టె అతకదు.

ముత్యపు మెరుపు కాగితాల గురించి క్లుప్తంగా: మెరుపు పైపూతలోనిది, కాబట్టి మడతల్లో రాలుతుంది, సిరా నెమ్మదిగా ఆరుతుంది. ఎన్వలప్ లోపలి అస్తరుకు బాగుంటుంది, ఎక్కువ మడతలున్న పనికి వద్దు.

మడతల విషయంలో రాజీ పడకండి. కాగితంలో నార ఎక్కువగా ఒకే దిక్కుకు పరుచుకుని ఉంటుంది, ఆ గ్రెయిన్ వెంట మడిస్తే శుభ్రంగా వంగుతుంది, అడ్డంగా మడిస్తే చిట్లుతుంది. ఒకే షీటు నుంచి రెండు పట్టీలు, ఒకటి నిలువుగా ఒకటి అడ్డంగా కోసి, టేబుల్ అంచు బయటికి వేలాడదీస్తే సంగతి తేలిపోతుంది: ఎక్కువగా వంగిన పట్టీకి గ్రెయిన్ అడ్డంగా ఉన్నట్టు. 170 జీఎస్ఎం దాటితే క్రీజింగ్ (మడిచే ముందు గీత వెంట గాడి నొక్కడం) తప్పనిసరి. క్రీజ్ గాడి వెడల్పుకు వాడే లెక్క: కాగితం మందానికి ఒకటిన్నర రెట్లు, దానికి రూలు (గాడి నొక్కే లోహపు పట్టీ) మందం కలపాలి. 0.4 మిల్లీమీటర్ల కార్డు, 0.7 రూలు అయితే 1.3 మిల్లీమీటర్లు. క్రీజ్ వేశాక పొంగిన గట్టు మడతకు లోపలివైపు ఉండాలి. చాలామంది తిప్పి మడిచి, కాగితం చెడ్డదని నింద వేస్తారు.

ఫైలు పంపేటప్పుడు ప్రతి ఫినిష్‌నూ విడి స్పాట్ రంగుగా (నాలుగు రంగులతో కలవని వేరే రంగు), వెక్టర్‌లో (పిక్సెళ్లు కాక గీతలుగా), 100 శాతం నిండుగా, ఓవర్‌ప్రింట్ (కింది రంగును చెరపకుండా పైన పడేలా) పెట్టి ఇవ్వండి. రిజిస్ట్రేషన్ (ఒక అచ్చు మీద ఇంకోటి సరిగ్గా కూర్చోవడం) అర మిల్లీమీటరు అటూ ఇటూ జరగడం మామూలే, కాబట్టి అచ్చయిన సన్నని గీత మీద సరిగ్గా ఫాయిల్ కూర్చోవాలనే డిజైన్ వద్దు. ప్రతి ఫినిష్‌కూ మెషిన్ సెట్ చేసేటప్పుడు కొన్ని షీట్లు పోతాయి, మూడు ఫినిష్‌లుంటే మూడుసార్లు పోతాయి. ఆ అదనం మొదటి ఆర్డరులోనే ఉండాలి, లేకపోతే తర్వాత వేరే బ్యాచ్ కాగితంతో సరిపెట్టుకోవాల్సి వస్తుంది. కాగితం వచ్చిన వెంటనే రీము విప్పకండి. ప్రెస్ గది వేడిమికి సర్దుకునేదాకా, చల్లగా వచ్చిన స్టాకుకు ఒక రోజైనా, చుట్టిన కవరులోనే ఉంచాలి. తొందరపడి విప్పితే అంచులు అలలు తేలతాయి, అలలు తేలిన షీటు మీద ఏ డై కూడా సరిగ్గా కూర్చోదు.