పెసే రమ్ములు, నాలుగు కప్పులు

పనామాలో తయారైన రమ్మును డాలస్‌లో కొని, మళ్ళీ పనామాకే మోసుకెళ్ళాం. కాశీకి గంగ తీసుకెళ్తున్నారని మా అక్క దారి పొడుగునా దెప్పుతూనే ఉంది. ఇదంతా బావ చేసిన పనే. టెక్సస్‌లో ఆదివారం మందు షాపులు తెరవరు కాబట్టి ఒక శనివారం రాత్రి పరుగున వెళ్ళి సెల్వారే రమ్ము రెండు సీసాలు పట్టుకొచ్చారు, తెల్లది ఒకటి, చాక్లెట్‌ది ఒకటి. గాయకుడు బ్రూనో మార్స్ బ్రాండది. 2021లో కొత్త సీసాతో మళ్ళీ మార్కెట్లోకి తెచ్చారు.

"డబ్బులు పేరుకి, లోపల పంచదార నీళ్ళు" అన్నాన్నేను.

"తాగి మాట్లాడరా" అన్నారు బావ.

ఈమధ్య మన రానా, అనిరుధ్ కూడా టెకీలా బ్రాండు పెట్టారు కదా, ఆ లెక్కన ఇంట్లో వాదన ఎక్కడెక్కడికో వెళ్ళింది. తీరా లేబుల్ తిప్పి చూస్తే పనామా అని ఉంది. ఫిబ్రవరికి ఎలాగూ పనామా టికెట్లు తీసుకున్నాం. అక్కడి రమ్ముల పక్కన పెట్టి తేల్చుకుందామని రెండు సీసాలూ సీలు తియ్యకుండా లుంగీల్లో చుట్టి చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టాం. మా నలుగురివీ భారతీయ పాస్‌పోర్టులే, గ్రీన్‌కార్డులు ఉండబట్టి విడిగా వీసా అడగలేదు. మీరు వెళ్ళేముందు నియమాలు ఒకసారి చూసుకోండి.

మొదటి రెండు రాత్రులు పనామా సిటీ పాతబస్తీ, కాస్కో వియెహోలో. హోటల్ చూడ్డానికి బ్రహ్మాండం. పాత రాతి గోడలు, ఎత్తయిన తలుపులు, బాల్కనీకి ఇనుప అల్లిక. గదిలో బల్లమీద చిన్న పింగాణీ గిన్నెలో చెవుల్లో పెట్టుకునే ఫోమ్ బిళ్ళలు ఉన్నాయి. అప్పుడే అర్థం చేసుకోవాల్సింది. కింద బార్లో పాటలు తెల్లారుజామున మూడింటిదాకా మోగాయి. గది మార్చమంటే రిసెప్షన్ అబ్బాయి నవ్వుతూ ఇంకో గిన్నెడు బిళ్ళలు ఇచ్చాడు. పాతబస్తీ పగలు తిరగడానికి బాగుంది, రాత్రి నిద్ర కావాలంటే వేరే పేటలో దిగండి. పనామా కాలువ మీద ఓడల్ని ఎత్తి దించే లాకులున్న మిరాఫ్లోరెస్‌కి మధ్యాహ్నం వెళ్ళి ఖాళీ లాకులు చూసొచ్చాం. తప్పు మాదే, ఓడలు ఎప్పుడొస్తాయో కనుక్కోకుండా వెళ్ళాం. చేపల మార్కెట్ దగ్గర కప్పుల్లో అమ్మే సెవిచె, అంటే నిమ్మరసంలో నానబెట్టిన పచ్చిచేప ముక్కలు మాత్రం రెండుసార్లు తిన్నాం.

మూడోరోజు కారు అద్దెకు తీసుకున్నాం. ఆన్‌లైన్లో చూపించిన రేటు ఒకటి, కౌంటర్ దగ్గర తప్పనిసరి బీమా కలిపాక కట్టింది దాదాపు రెట్టింపు. ఏ కంపెనీలో బుక్ చేసినా బీమాతో కలిపి ఎంతవుతుందో ముందే రాయించుకోండి. రోడ్డుకి మాత్రం వంక పెట్టలేం. ఇంటర్‌అమెరికన్ హైవే మీద దివీసా దాకా వెళ్ళి ఎడమకి తిరిగితే చిత్రే, అక్కణ్ణుంచి లోపలికి రమ్ము కాచే ఊరు పెసే. మొత్తం నాలుగు గంటల పైనే. ఊరి పేరు వినగానే అక్క, "పెసలు పండించే ఊరా?" అంది. పెసల సంగతేమో గానీ దారిలో ఒక ఫోండాలో, అంటే మన మెస్సు లాంటి చోట, అన్నంలో పచ్చి కందిగింజలు కొబ్బరిపాలతో ఉడికించి పెట్టారు. అక్కడ వాటిని గ్వాందు అంటారు. పక్కన ఓహాల్‌ద్రె, అచ్చం లావు పూరీ. మాంసం ముట్టని మా ఆవిడ ఆ ట్రిప్పులో కడుపునిండా తిన్నది ఆ పూటే.

చిత్రేలో దిగింది చాలా మామూలు హోటల్. మంచాలు చిన్నవి, అద్దం మీద మరకలు. కానీ ఏసీ చల్లగా ఉంది, ఫ్రిజ్ పనిచేసింది, పొద్దున్నే యజమానురాలు అడక్కుండానే కాఫీ పంపింది. పాతబస్తీలో పెట్టిన దాంట్లో సగం కూడా కాలేదు. మళ్ళీ వెళ్తే నేరుగా ఇక్కడికే. ఒక్క జాగ్రత్త, కార్నివాల్ రోజుల్లో ఈ వైపు గదులు దొరకవు.

నేను అనకాపల్లి వాణ్ణి. పెసే దగ్గర కారు అద్దం దించగానే చెరకు పిప్పి, కాగిన బెల్లం మడ్డి వాసన కలిసి కొట్టింది. బజార్లో రాస్పదూరా అని ఆకులో చుట్టి అమ్ముతున్నది బెల్లమే. మనదానికన్నా గట్టిగా ఉంది, పొగవాసన కొంచెం ఎక్కువ. స్పెయిన్ నుంచి వచ్చిన హోసే వరేలా బ్లాంకో 1908లో ఇక్కడ చక్కెర మిల్లు పెట్టాడు, 1936లో ఆ కుటుంబం సారా కాయడం మొదలెట్టింది. ఇప్పుడు వాళ్ళదే రోన్ అబుయెలో. అబుయెలో అంటే తాత. మనకి ఓల్డ్ మాంక్, వీళ్ళకి తాత. రమ్ము సీసా మీద ముసలాళ్ళే ఉండాలేమో!

వాళ్ళ ఎస్టేటు హసియెందా సాన్ ఇసిద్రోకి ముందుగా బుక్ చేసుకుని వెళ్ళాం. పీపాల గోదాములోకి అడుగుపెడితే కళ్ళు చెమర్చేంత ఘాటు. అమెరికాలో బర్బన్ విస్కీ ఊరబెట్టిన ఓక్ పీపాలే ఇక్కడ రమ్ముకి వాడతారు. ఈ ఎండకి ఏటా పీపాలోంచి కొంత ఆవిరైపోతుంది, చలిదేశాల్లో కన్నా చాలా ఎక్కువ. అందుకే ఇక్కడి పన్నెండేళ్ళ రమ్ము స్కాట్లాండులో పన్నెండేళ్ళ విస్కీ కన్నా ముదురుగా తోస్తుంది. గైడమ్మాయి ఓపిగ్గా చెప్పింది, హడావుడి పెట్టలేదు. దుకాణం దగ్గర కొనమని వెంటపడలేదు కూడా. ఈ కుటుంబందే సేకో అనే తెల్ల సారా కూడా ఉంది, దాన్ని పాలతో కలిపి తాగుతారు. బావ ఒక గుక్క తాగి గ్లాసు దూరంగా జరిపారు.

అసలు సంగతి, సెల్వారే పుట్టేది కూడా ఈ పెసే పక్కనే, లాస్ కాబ్రాస్ డిస్టిలరీలో. దాన్ని దిద్దింది దోన్ పాంచో అని పిలిచే క్యూబా పెద్దాయన ఫ్రాన్సిస్కో ఫెర్నాందెస్. హవాయిలో పుట్టిన గాయకుడికి ఈ ఊరితో చుట్టరికం ఏమీ లేదు, సరుక్కి మాత్రం ఉంది. ఇది తెలిశాక నా పంచదార నీళ్ళ వాదన కాస్త మెత్తబడింది.

ఆ రాత్రి చిత్రే హోటల్ బాల్కనీలో లైటు ఆర్పి కూర్చున్నాం. రంగు కనబడకుండా కాఫీ కప్పులు తీసుకున్నాం. మా ఆవిడ తాగదు కాబట్టి న్యాయమూర్తి తనే. కప్పుల అడుగున బొట్టుబిళ్ళలు అంటించింది, ఎరుపు, ఆకుపచ్చ, నలుపు, మెరూన్. పోసినవి తెల్ల సెల్వారే, చాక్లెట్ సెల్వారే, అబుయెలో 7 ఏళ్ళది, 12 ఏళ్ళది. ఏ రంగు కప్పులో ఏది పోసిందో తనకే తెలుసు.

మెరూన్ కప్పు ముక్కు దగ్గరికి తేగానే బోర్న్‌విటా డబ్బా మూత తీసినట్టుంది. చాక్లెట్‌ది దాచడం ఎవరి తరమూ కాదు. మొదటి గుక్క హాయిగా ఉంటుంది, మూడో గుక్కకి నాలుక మీద జిగురు. నల్ల బిళ్ళ కప్పులో ఎండు ఖర్జూరం, వేయించిన జీడిపప్పు, చివర్లో చెక్క వగరు. అందరం దానికే మొదటి స్థానం ఇచ్చాం. ఆకుపచ్చది సాఫీగా ఉంది గానీ గుర్తుండేలా లేదు. ఎరుపు దగ్గరే గొడవ. చెరకు బండి దగ్గర నిమ్మకాయ పిండినప్పటి వాసన, వెనకాల సన్నగా వెనిల్లా, గొంతులో మంట తక్కువ. నేను తాత ఏడేళ్ళదన్నాను, రెండో స్థానం రాశాను. బావ మరీ ధీమాగా, "ఇది పక్కా లోకల్, స్టార్ సరుకు కాదు" అన్నారు.

కప్పులు తిప్పితే నలుపు పన్నెండేళ్ళ తాత, ఆకుపచ్చ ఏడేళ్ళది, గొడవపడ్డ ఎరుపేమో తెల్ల సెల్వారే. మూడేళ్ళ, అయిదేళ్ళ రమ్ములు కలిపి, రంగు పోయేలా వడగట్టిందట. బావ తను గెలిచినట్టే నవ్వారు గానీ, ఆయన చెప్పిందీ తప్పే కదా.

లెక్కలు చూస్తే, డాలస్‌లో తెల్లదానికి పెట్టిన డబ్బుతో చిత్రే సూపర్‌మార్కెట్లో ఏడేళ్ళ తాత వస్తాడు, చిల్లర మిగులుతుంది. అమెరికాలో ఉండి నిమ్మకాయ, సోడా కలుపుకుని తాగేవాళ్ళకి తెల్ల సెల్వారే నిక్షేపంగా కొనొచ్చు. ఊరికే చప్పరించడానికైతే పన్నెండేళ్ళ అబుయెలోనే. చాక్లెట్‌ది రమ్ము అనుకుని కొనకండి.

తెల్ల సీసా ఆ రాత్రే అయిపోయింది. చాక్లెట్‌ది సగం మిగిలితే అక్క మళ్ళీ లుంగీలో చుట్టి వెనక్కి తెచ్చింది. ఇప్పుడది ప్లేనోలో వాళ్ళ ఫ్రిజ్ మీద, పిల్లలకి అందని అరలో ఉంది. చుట్టాలొచ్చినప్పుడు పెద్దవాళ్ళ వెనిల్లా ఐస్‌క్రీమ్ మీద చెంచాడు పోస్తోంది. అక్కడ మాత్రం దానికి సాటి లేదు.