అలాస్కా బాగుంది, బుకింగ్ చేసిన ఏజెన్సీయే బాగాలేదు

క్రూజ్ ఎప్పుడు బుక్ చేస్తే చవగ్గా వస్తుందని మా డాలస్‌లో ఏ పుట్టినరోజు ఫంక్షన్‌కి వెళ్లినా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఒకరు ఏడాది ముందే చేసేయాలంటారు, ఇంకొకరు చివరి నెల దాకా ఆగితే సగం ధరకే వస్తుందంటారు. మేం 2025 జూన్‌లో సియాటిల్ నుంచి ఏడు రాత్రుల అలాస్కా క్రూజ్‌కి వెళ్లొచ్చాం. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, గుంటూరు నుంచి వచ్చిన అత్తయ్యగారు, మామయ్యగారు. ఆ కొండలు, ఆ మంచు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి. అయినా ఇది రాస్తున్నది వాటి కోసం కాదు. టికెట్లు అమ్మిన ఏజెన్సీ మమ్మల్ని ఎలా ఇరికించిందో చెబితే ఇంకో కుటుంబమైనా జాగ్రత్తపడుతుందని రాస్తున్నాను.

జనవరి నుంచి మార్చి వరకు క్రూజ్ కంపెనీలన్నీ ఆఫర్లు గుప్పిస్తాయి. వేవ్ సీజన్ అంటారు దాన్ని. మేం కూడా జనవరిలోనే చూశాం. మా నలుగురికీ ఒక బాల్కనీ రూమ్ 6,180 డాలర్లు, అత్తయ్యగారివాళ్లకి ఎదురుగా ఇన్‌సైడ్ రూమ్ (కిటికీ లేనిది) 2,240. మొత్తం 8,420. పన్నులు, పోర్టు ఫీజులు అందులోనే ఉన్నాయి. 2024 జులైలో కాలిఫోర్నియాలో అమల్లోకి వచ్చిన చట్టం పుణ్యమా అని ఇప్పుడు పెద్ద కంపెనీలు మొదటే అన్నీ కలిపిన ధర చూపిస్తున్నాయి. టిప్స్ మాత్రం వేరు, దాని సంగతి తర్వాత.

బుక్ చేసింది ఒక ఆన్‌లైన్ ఏజెన్సీలో. ఫోన్‌లో మాట్లాడినతను ఎంతో మర్యాదగా మాట్లాడాడు. ఈ ధర ఈ రాత్రి పన్నెండు గంటల వరకేనన్నాడు. ధర తర్వాత తగ్గితే ఏంటి, క్యాన్సిల్ చేయొచ్చా అని నేను సూటిగా అడిగాను. "ఎప్పుడైనా చేసుకోవచ్చు మేడమ్" అన్నాడు. క్యాన్సిల్ చేసుకోవచ్చు నిజమే, డిపాజిట్ మాత్రం వెనక్కి రాదు. ఆ ముక్క చెప్పలేదు. మనిషికి 250 చొప్పున ఆరుగురికి 1,500 డాలర్లు కార్డు మీద పడ్డాక వచ్చిన ఈమెయిల్లో, నాలుగో పేజీలో ఉంది ఆ సంగతి. అదే రూమ్ డబ్బు వెనక్కి వచ్చే డిపాజిట్‌తో తీసుకుంటే మనిషికి 40 డాలర్లు ఎక్కువయ్యేదట. అలాంటిది ఉందని కూడా అతను చెప్పలేదు. రాత్రి పన్నెండుకి అయిపోతుందన్న ఆఫర్ మర్నాడు పొద్దున ఇంకో పేరుతో, అదే ధరకి కనిపించింది.

అసలు బాధ ఫిబ్రవరి చివర్లో మొదలైంది. మిగతా డబ్బంతా కట్టడానికి గడువు ఓడ బయల్దేరడానికి 90 రోజుల ముందు, అంటే మాకు మార్చి మధ్యలో. ఈ గడువు దగ్గరపడేకొద్దీ ధరలు కదులుతాయి. రీఫండబుల్ డిపాజిట్‌తో రూమ్‌లు పట్టుకుని కూర్చున్నవాళ్లలో కొందరు వదిలేస్తారు, ఆ రూమ్‌లు మళ్లీ అమ్మకానికి వస్తాయి. అలాగే మా బాల్కనీ రూమ్ 5,560కి, ఇన్‌సైడ్ 2,060కి దిగింది. రెండూ కలిపి సరిగ్గా 800 డాలర్ల తేడా.

క్రూజ్ కంపెనీకి ఫోన్ చేశాను. ఏజెన్సీ ద్వారా చేసిన బుకింగ్ మేం ముట్టుకోలేం, వాళ్లతోనే మాట్లాడండన్నారు. ఇది అందరూ గుర్తుపెట్టుకోండి, మధ్యలో ఏజెంట్ ఉంటే కంపెనీ మనతో మాట్లాడదు. ఏజెన్సీకి చేస్తే ముప్పావుగంట పాట వినిపించారు. తర్వాత ఒకావిడ తీసి, ఆ ధర కొత్త బుకింగ్‌లకేనంది. సూపర్‌వైజర్ ఫోన్ చేస్తారంది, చేయలేదు. ఈమెయిల్ పెడితే "మీ అభ్యర్థన అందింది" అని జవాబు. వారం తిరిగేసరికి ధర మళ్లీ పైకి వెళ్లిపోయింది. సూపర్‌వైజర్ అప్పుడు ఫోన్ చేసి, ఇప్పుడు ధర తగ్గి లేదు కదా మేడమ్ అన్నాడు. క్యాన్సిల్ చేసి కొత్తగా చేసుకుందామంటే 1,500 పోతాయి, దానికి తోడు ఏజెన్సీ తన సొంత క్యాన్సిలేషన్ ఫీజు వేరే వేస్తుంది.

మా ఆయన రెండు రోజులు ముభావంగా ఉన్నారు, తర్వాత "పోనీలే, వదిలెయ్" అన్నారు. మామయ్యగారు లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. వీడియో కాల్‌లో విషయం విని వెంటనే రూపాయల్లోకి మార్చారు, దాదాపు 70 వేలు. "ఆ డబ్బుతో మేమిద్దరం కాశీ వెళ్లొచ్చేవాళ్లం కదమ్మా" అన్నారు. ఆయన మామూలుగానే అన్నారు కానీ నాకు మాత్రం ఏజెన్సీ మీద కోపం రెట్టింపైంది.

మాతో పాటు వచ్చిన స్నేహితుల కుటుంబం కూడా నలుగురే, అదే ఓడ, అదే రకం బాల్కనీ రూమ్. వాళ్లు డిసెంబర్‌లోనే కంపెనీ దగ్గర నేరుగా, రీఫండబుల్ డిపాజిట్‌తో చేశారు. ఫిబ్రవరిలో ధర దిగిన రోజు ఒక్క ఫోన్ చేస్తే పది నిమిషాల్లో కొత్త ధరకి మార్చి ఇచ్చారు. ముందు కట్టిన 160 డాలర్ల ఎక్కువ పోను, ఆ ఒక్క రూమ్‌కే నాలుగు వందలకు పైగా మిగిలింది. ఓడలో ప్రతి పూటా వాళ్లతోనే కూర్చుని భోంచేశాం కాబట్టి ఆ లెక్క మర్చిపోయే వీలు లేకపోయింది.

మరి చివరి నిమిషం దాకా ఆగితే? ఆగి లాభపడినవాళ్లనీ చూశాను. సియాటిల్ దగ్గరే ఉండే రిటైరైన తెలుగు దంపతులు ఓడలో పరిచయమయ్యారు. ఏప్రిల్ చివర్లో, గడువు దాటాక మిగిలిపోయిన ఇన్‌సైడ్ రూమ్ ఇద్దరికీ కలిపి 1,390కి పట్టారు. ఏ రూమ్ ఇస్తారో ముందు చెప్పరు, కంపెనీ ఇష్టం. వాళ్లకి ఇబ్బంది లేదు, కొడుకు కార్లో పోర్టు దగ్గర దింపి వెళ్లాడు. మాకు అలా కుదరదు. ఫిబ్రవరిలో డాలస్ నుంచి ఆరుగురికీ విమాన టికెట్లు 1,960కి కొన్నాం. అవే ఏప్రిల్ చివర్లో చూస్తే మనిషికి 520 చూపించాయి, అంటే 3,120. ఓడలో మిగిలేదంతా విమానానికే పోయేది. ఇంకోటి, నలుగురు పట్టే రూమ్‌లు ప్రతి ఓడలోనూ తక్కువే ఉంటాయి. లైఫ్‌బోట్లలో చోటుకి లెక్క ఉంటుంది కనుక రూమ్‌లో మంచం ఖాళీగా ఉన్నా మూడో మనిషిని, నాలుగో మనిషిని ఒక్కోసారి ఎక్కించుకోరు. పిల్లలున్నవాళ్లు చివరి దాకా ఆగితే చవక సంగతి అటుంచి అసలు రూమే దొరకదు. గ్లేసియర్ బే (హిమానీనదాలున్న సముద్రపు పాయ) చూడాలనుకునేవాళ్లు కూడా ఆగొద్దు. అది నేషనల్ పార్కు, రోజుకి రెండు పెద్ద క్రూజ్ ఓడలకే అనుమతి. మా ఓడ అటు కాకుండా ఎండికాట్ ఆర్మ్ అనే ఇంకో పాయకి వెళ్లింది, అదీ చాలా బాగుంది.

ఏజెన్సీ చెప్పని ఇంకో ముఖ్యమైన సంగతి కెనడా వీసా. సియాటిల్ నుంచి బయల్దేరే అలాస్కా ఓడలు దాదాపు అన్నీ కెనడాలో ఆగుతాయి, ఎక్కువగా విక్టోరియాలో. విదేశీ జెండాతో (అంటే వేరే దేశంలో రిజిస్టరై) తిరిగే ఓడ అమెరికాలో ఎక్కిన మనిషిని అమెరికాలోనే దింపాలంటే మధ్యలో వేరే దేశపు రేవుకి వెళ్లి తీరాలని 1886 నాటి చట్టం ఉంది. మాకు గ్రీన్ కార్డులున్నాయి కాబట్టి పాస్‌పోర్టు, కార్డు చాలు. విజిటర్ వీసా మీద వచ్చే తల్లిదండ్రులకి మాత్రం కెనడా వీసా కావాలి. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకీ అంతే. ఓడ దిగకుండా రూమ్‌లోనే కూర్చుంటామన్నా ఒప్పుకోరు, సియాటిల్‌లోనే ఎక్కనివ్వరు. స్నేహితులు చెప్పబట్టి సరిపోయింది. వీసాకి 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకి 85, ఇద్దరికీ కలిపి 370 అయ్యింది. అత్తయ్యగారివాళ్లు కారు మాట్లాడుకుని గుంటూరు నుంచి హైదరాబాద్ వెళ్లి వేలిముద్రలిచ్చి వచ్చారు, రానుపోను 9 వేల రూపాయలు. పాస్‌పోర్టులు చేతికి వచ్చేదాకా ఇంట్లో అందరికీ టెన్షనే. పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు చివరి నిమిషం ఆఫర్ మాట మర్చిపోండి, ఈ వీసా ఒక్కటే చాలు అది కుదరదని చెప్పడానికి.

సియాటిల్ హోటల్, విమానం, ఓడ ఎక్కడం అన్నీ సాఫీగా జరిగాయి. ఎయిర్‌పోర్టు దగ్గర రెండు రూమ్‌లకి 418.

ఓడలో మొదటి రాత్రి మాత్రం మామయ్యగారి మొహం చూడలేకపోయాను. ఆయన గుడ్డు కూడా తినరు. మెనూలో ఆకు గుర్తున్నవి చూసి తెప్పిస్తే చప్పటి పాస్తా, ఉడకబెట్టిన బ్రకోలీ. రెండు ముద్దలు తిని చాలన్నారు. అత్తయ్యగారు ఏడు రోజులు ఎలాగే అన్నట్టు నా వైపు చూశారు. మా టేబుల్ చూసుకునే హెడ్ వెయిటర్ మంగళూరు అబ్బాయి. అతనే పక్కకి వచ్చి, ముందు రోజు రాత్రే చెబితే ఇండియన్ వెజిటేరియన్ విడిగా వండిస్తామన్నాడు. మర్నాడు రాత్రి పప్పు, బెండకాయ వేపుడు, వేడి రొట్టెలు, అన్నం, గడ్డ పెరుగు వచ్చాయి. పప్పులో ఇంగువ పోపు వాసన వచ్చింది! కిటికీ అవతల మంచు కొండలు, పది దాటినా పోని వెలుతురు. మామయ్యగారు పెరుగన్నంలో గోంగూర పచ్చడి కలుపుకుని రెండోసారి అన్నం అడిగారు. ఇంట్లో వండినవి ఓడలోకి రానివ్వరు కానీ సీల్ తీయని పచ్చడి ప్యాకెట్లు రానిచ్చారు. ఆ అబ్బాయి రోజూ రాత్రి వచ్చి "అంకుల్, రేపేం కావాలి" అని అడిగి వెళ్లేవాడు. దీనికి ఒక్క డాలర్ కూడా అదనంగా తీసుకోలేదు. అందుకే టిప్స్ మనిషికి రోజుకి 18, పిల్లలకి కూడా, మొత్తం 756 డాలర్లు అయినా మేమెవరం గొణగలేదు. ఆ అబ్బాయికి విడిగా కూడా ఇచ్చాం.

ఓడ ఆగిన అలాస్కా ఊళ్లలో, జూనోలో మెండెన్‌హాల్ గ్లేసియర్, స్కాగ్వేలో 1900లో పూర్తయిన పాత కొండ రైలు, రెండూ పెద్దవాళ్లకి సుఖంగా ఉంటాయి, మెట్లెక్కే పని పెద్దగా లేదు. రేవుల్లో టూర్లకి మొత్తం 1,120 అయింది. వైఫై ఒక్క ఫోన్‌కి వారానికి 140. విక్టోరియాలో రాత్రి ఆగుతుంది, దుకాణాలు చాలావరకు మూసేసి ఉంటాయి, టూర్ కొనకండి. వీసా ఫీజులతో అన్నీ కలిపితే 13 వేల డాలర్లు దాటింది. కాబట్టి ఓడ ధర ఒక్కటే చూసుకుని బడ్జెట్ వేసుకోవద్దు.

నన్ను అడిగితే, స్కూలు పిల్లలున్నవాళ్లు ముందు ఏడాది శరదృతువులోనే రీఫండబుల్ డిపాజిట్ కట్టి రూమ్ పట్టుకోవాలి. జనవరి వచ్చాక వారానికోసారి ధర చూస్తూ, తగ్గినప్పుడల్లా స్క్రీన్‌షాట్ తీసి అదే రోజు ఫోన్ చేయాలి. ఆఖరి గడువు దాటాక ఇక చూడటం మానేయొచ్చు. ఏజెంట్ దగ్గరే చేయాల్సి వస్తే డిపాజిట్ వెనక్కి వస్తుందా, మీ సొంత ఫీజు ఎంత, ధర తగ్గితే మారుస్తారా అని ఈమెయిల్లో రాయించుకున్నాకే కార్డు నంబర్ చెప్పండి. పిల్లలు ఇంకా స్కూలుకి వెళ్లని వయసైతే మే నెలలో వెళ్లండి. జూన్, జులైల కంటే తక్కువ ధర, వానా తక్కువే. సెప్టెంబర్ కూడా చవకే కానీ అక్కడ వానలు బాగా పడతాయి.

చివరి రోజు ఓడలోనే వచ్చే క్రూజ్‌కి బుకింగ్ టేబుల్ పెట్టారు. ఇప్పుడు డిపాజిట్ కడితే ఖర్చుపెట్టుకోవడానికి కొంత క్రెడిట్ ఇస్తామన్నారు. మా ఆయన కడదామన్నారు. డబ్బు వెనక్కి వస్తుందని కాగితం మీద ఎక్కడుందో చూపించమని అడిగాను. ఆవిడ ఆ వాక్యం కింద పెన్నుతో గీత గీసి ఇచ్చింది. అప్పుడు కట్టాం.