పాడేరులో అద్దె పోర్షన్: వానా, చలీ చూశాక రాస్తున్న రివ్యూ

నేను ఉంటున్నది పాడేరులో ఒక రిటైర్డ్ మాస్టారి ఇంట్లో కింది పోర్షన్. ఒక బెడ్‌రూము, చిన్న హాలు, వంటగది, వెనకవైపు బాత్రూము. అద్దె ఆరున్నర వేలు, రెండు నెలల అడ్వాన్సు, కరెంటు బిల్లు వేరే. అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తాను. తగ్గిన ఆ ఒక్క స్టారూ వెనక గోడది. దాని సంగతి తర్వాత చెప్తాను.

బ్యాంకు ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చాను. మాది అనకాపల్లి, మావారి ఉద్యోగమూ అక్కడే. ఏజెన్సీకి, అంటే ఇలాంటి గిరిజన కొండ ప్రాంతానికి, పోస్టింగ్ పడ్డ ప్రతివాళ్ళకీ మొదటి టెన్షన్ ఇల్లే కాబట్టి, తర్వాత వచ్చేవాళ్ళకి పనికొస్తుందని కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు ఇళ్ళెందుకు దొరకవో తెలుసుకోవాలి. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి పాడేరు జిల్లా కేంద్రమయింది. గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఎప్పటినుంచో ఉంది. దానికి కలెక్టరేటు తోడయింది, ఆ వెనకే జిల్లా ఆఫీసులన్నీ వచ్చాయి, మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. ఉద్యోగులు పెరిగారుగానీ ఇళ్ళు ఆ లెక్కన పెరగలేదు. ఇది షెడ్యూల్డ్ ఏరియా. 1/70 చట్టం ఉంది కాబట్టి గిరిజనేతరులు ఇక్కడ భూమి కొనడానికి లేదు. కింద ఊళ్ళలోలాగా ఎవరో బిల్డరు వచ్చి అయిదంతస్తులు లేపి ఫ్లాట్లు అద్దెకివ్వడం జరిగే పని కాదు. అలా జరక్కపోవడమే మంచిదని నా అభిప్రాయం. లేకపోతే ఈపాటికి కొండలన్నీ రిసార్టులయ్యేవి. కాకపోతే మనలాంటివాళ్ళకి మిగిలేవి స్థానికుల ఇళ్ళలో పోర్షన్లే. వాటికి యాప్‌లూ బ్రోకర్లూ ఉండరు. ఆఫీసు అటెండర్‌నీ, టీ కొట్టు ఆయన్నీ అడగాలి. బదిలీల సీజన్‌లో ఎవరు కిందికి దిగుతున్నారో వాళ్ళకే ముందు తెలుస్తుంది.

ఇల్లు దొరికేదాకా లాడ్జిలో ఉందామనుకుంటే నవంబరు నుంచి జనవరి దాకా ఆ ఆశ వదులుకోండి. దగ్గర్లోని వంజంగి కొండ మీంచి మేఘాలు చూడ్డానికి శనాదివారాలు వైజాగ్ నుంచి జనం వరస కడతారు. తెల్లవారుజామున మూడింటికే జీపుల హారన్లు, వరండాలో సెల్ఫీలు, అద్దె డబుల్. మే నెలలో మోదకొండమ్మ జాతరప్పుడూ అంతే.

ఇంకో దారి, కింద మాడుగులలోనో చోడవరంలోనో ఉండి రోజూ ఎక్కి దిగడం. మా బ్రాంచిలో ఒకావిడ పిల్లల చదువు కోసం చోడవరంలో ఇల్లు పెట్టి కొన్నాళ్ళు అలాగే తిరిగింది. మలుపుల్లో కడుపులో తిప్పకుండా ఖాళీ కడుపుతో ఎక్కేది, సీట్లో కూర్చున్నాక తేరుకోడానికి అరగంట పట్టేది. ఆగస్టులో ఘాట్‌లో చెట్టు పడిందంటే వచ్చేసరికి లంచ్ టైము. చలికాలం పొగమంచులో బస్సు లైట్లేసుకుని నడిచినట్టే వస్తుంది. ఆమెకి ఘాట్ వల్ల దక్కిన లాభమల్లా మాడుగుల హల్వా. అదీ మేమే తినేసేవాళ్ళం. వారానికోసారి దిగండి, బాగుంటుంది. రోజూ మాత్రం వద్దు.

ఇప్పుడు మా పోర్షన్. ఇంటి ముఖం తూర్పు. వాస్తు పట్టింపు ఉన్నా లేకపోయినా ఇక్కడ తూర్పు వాకిలే వెతుక్కోండి, ఎందుకంటే ఉతికిన బట్టలు ఆరాలి. ఊరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. చలి రికార్డులప్పుడు పేపర్లో పేరొచ్చే మినుములూరు మాకు పక్కనే. డిసెంబరులో మంచు విడేసరికి ఒక్కోరోజు తొమ్మిది దాటుతుంది. ఆ తర్వాత వచ్చే ఎండ ముందు వరండాలో పడితేనే బట్టలు ఆరేది, మనిషి కాస్త మనిషయ్యేది. మా కొలీగ్ ఒకాయన కొండ కనిపిస్తుందని పడమటి పోర్షన్ తీసుకున్నాడు. వ్యూ బ్రహ్మాండం. సాక్సులు మాత్రం గ్యాస్ స్టవ్ పైన తీగకట్టి ఆరబెట్టుకుంటాడు.

పైకప్పు స్లాబ్. అద్దె తక్కువని రేకుల ఇళ్ళు చూపిస్తారు. వానపడితే ఫోన్ మాట వినపడదు. చలికాలం తెల్లవారుజామున రేకు లోపలివైపు చెమ్మపట్టి బొట్లు బొట్లుగా దుప్పటి మీద పడుతుంది. వెయ్యి ఎక్కువైనా స్లాబే నయం.

ఇక వెనక గోడ. ఇంటి వెనక కొండవాలు తవ్వి చదును చేశారు. ఆ మట్టికట్ట గోడకి ఆనుకుని ఉంది. జూలై వచ్చేసరికి నేల నుంచి మూడడుగుల ఎత్తు దాకా నెమ్మెక్కి, సున్నం పొక్కి, వేలితో గీస్తే పొడిపొడిగా రాలింది. బీరువా జానెడు ముందుకి జరిపినా లోపల తోలు బెల్టుకీ, హ్యాండ్‌బ్యాగుకీ తెల్లటి బూజు పట్టింది. పట్టుచీరలన్నీ మూటకట్టి అనకాపల్లి పంపేశాను. మాస్టారికి చూపిస్తే, "అది గోడ తప్పు కాదమ్మా, కొండలోంచి దిగే నీళ్ళు. ఎండలు రానీ, కాలవ తీయిస్తాను" అన్నారు. ఓనర్లందరూ అనేమాటే కదా అనుకున్నాను. ఏప్రిల్‌లో నిజంగానే ఇద్దరు మనుషుల్ని పెట్టి వెనక మోకాలి లోతు కాలవ తవ్వించి, అడుగున రాళ్ళు పరిపించారు. తర్వాతి వానలకి నెమ్ము సగానికి తగ్గింది. పూర్తిగా పోలేదు కాబట్టి స్టారు వెనక్కి ఇవ్వలేదు. మీరు ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు హాలూ టైల్సూ తర్వాత చూడొచ్చు, ముందు ఇంటి వెనక్కి వెళ్ళండి. ఎండాకాలంలో చూస్తుంటే గోడకి కొత్తగా రంగు ఎంత ఎత్తు దాకా వేశారో గమనించండి, అర్థమైపోతుంది.

నీళ్ళకి బోరుంది. కొండ ఊట నుంచి పైపు వేసుకున్న ఇళ్ళు కూడా ఉన్నాయి. ఆ నీళ్ళు మామూలప్పుడు తియ్యగా ఉంటాయిగానీ గట్టి వాన పడిన మర్నాడు టీ డికాక్షన్ రంగులో వస్తాయి. మే నెలలో బోరయినా ఊటయినా ఒకటే, పొదుపుగా వాడుకోవాలి.

కిటికీలకి దోమల మెష్ లేదని ముందే చెప్పి, నా ఖర్చుతో కొట్టించుకుని అద్దెలో తగ్గించుకున్నాను. ఏజెన్సీలో వానాకాలమంటే మలేరియా కాలం. మందు కొట్టేవాళ్ళు వస్తే గదుల్లోకి రానివ్వండి. గోడలు పాడవుతాయని తలుపులేసుకునే ఉద్యోగస్తుల్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

వంట సంగతి ఎవరూ ముందు చెప్పరు. రాత్రి రుబ్బిన ఇడ్లీ పిండి చలికాలంలో పొద్దున్న చూస్తే పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. పైన ఉండే మాస్టారి భార్య నేర్పిన ఉపాయం ఏమిటంటే, గిన్నెకి పాత దుప్పటి చుట్టి, మూతపెట్టిన వేడినీళ్ళ బకెట్ పక్కన ఉంచడం. అప్పుడు కూడా మధ్యాహ్నానికిగానీ పొంగదు. అందుకే మా ఇంట్లో ఇడ్లీ రాత్రి టిఫిన్. మా అత్తగారు వచ్చి వారం రోజులు దానికే ఆశ్చర్యపోయారు. కూరగాయలకి మాత్రం లోటు లేదు. సంత రోజున కొండమీంచి తెచ్చే అల్లం, పసుపు, రాజ్మా, సీజన్లో పనసా సీతాఫలం చూస్తే సంచి చాలదు. బేరం చెయ్యకండి. తెల్లారకముందే బుట్ట నెత్తిన పెట్టుకుని దిగివచ్చిన మనిషి దగ్గర పది రూపాయలు తగ్గించుకుని మనం బాగుపడేదేమీ లేదు.

బ్రాంచికి నడిచి పది నిమిషాలు. ఈ ఇంటికి నేను ఎక్కువ మార్కులు వేసింది దీనికే. గాలివానకి చెట్టుపడి కరెంటు పోయినా, సాయంత్రం ఆరింటికే చీకటిపడి మంచు దిగినా టార్చ్ పట్టుకుని నడిచి వచ్చేయొచ్చు. ఒంటరిగా ఉండే ఆడవాళ్ళకి ఇది చాలా ధైర్యం. ఇంకో వెయ్యి తక్కువకి ఊరి చివర పెద్ద పోర్షన్ దొరుకుతుందిగానీ అక్కడికి రాత్రిపూట ఆటో రాదు.

అగ్రిమెంట్ రాసుకునేటప్పుడు కరెంటు మీటరు సంగతి అడగండి. మాకు పైకీ కిందకీ ఒకటే మీటరు ఉండేది. గీజరు వాడకం మీద మాటా మాటా రాకముందే సబ్ మీటరు పెట్టించమన్నాను, పెట్టించారు.

మాస్టారు ఇప్పుడు డాబా మీద ఇంకో గది వేయిస్తున్నారు. ఖర్చు కలిసొస్తుందని రేకులవైపు మొగ్గుతున్నారు. స్లాబ్ వేస్తేనే మా బ్రాంచికి కొత్తగా వస్తున్న అబ్బాయికి చెప్తానని ఖచ్చితంగా అనేశాను. సిమెంటు రేటు కనుక్కోడానికి నిన్న కొట్టుకి వెళ్ళారు.