బార్సిలోనా అని డబ్బు తీసుకుని లోరెట్‌లో దింపారు: స్టూడెంట్ గ్రూప్ ట్రిప్‌లతో జాగ్రత్త

జర్మనీలో చదువుతున్న మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఆ పోస్టర్ మళ్లీ తిరుగుతోంది. నీలి సముద్రం, సగ్రదా ఫమీలియా చర్చి గోపురాలు, "బార్సిలోనా స్టూడెంట్ స్పెషల్", బస్సు, హోటల్, సైట్ సీయింగ్ అన్నీ కలిపి మూడు వందల పైచిలుకు యూరోలు. పోయిన ఈస్టర్ సెలవుల్లో అదే నిర్వాహకులకు డబ్బు కట్టి వెళ్లొచ్చాం. ఇంకొకళ్లు కట్టేముందు దయచేసి ఇది చదవండి. రిఫండ్ గొడవ ఇంకా తేలలేదు కాబట్టి వాళ్ల పేరు రాయడం లేదు. ఇదే తరహాలో అమ్మేవాళ్లు వేరేవాళ్లూ ఉన్నారు. ఎవరి పోస్టర్ అయినా కింద రాసిన ప్రశ్నలు అడగండి.

మమ్మల్ని దింపింది బార్సిలోనాలో కాదు, లోరెట్ దె మార్‌లో. బస్సు దిగి మ్యాప్ తెరిచి చూసిన మా గ్రూపులోని అమ్మాయి కోఆర్డినేటర్‌ని అడిగింది: "అన్నా, ఇది బార్సిలోనా కాదు కదా?" ఆయన తడుముకోకుండా "బార్సిలోనా ఏరియానే చెల్లీ, గంటలో వెళ్లిపోవచ్చు" అన్నాడు. లోరెట్ బార్సిలోనాకి ఈశాన్యంగా దాదాపు 70 కిలోమీటర్ల దూరంలో ఉంది. జిల్లా కూడా వేరే, జిరోనా కిందికి వస్తుంది. ఊళ్లో రైల్వే స్టేషనే లేదు. రైలు కావాలంటే లోకల్ బస్సులో బ్లానెస్ వెళ్లి అక్కడ ఆర్1 లైను పట్టుకోవాలి, సిటీ మధ్యకి చేరేసరికి గంటన్నర. నేరుగా వెళ్లే బస్సు ఉంది, అది ఎస్తాసియో దెల్ నోర్ద్ బస్టాండులో దింపుతుంది. సాయంత్రం దాటితే తిరుగు బస్సులు తగ్గిపోతాయి. కాబట్టి రాత్రిపూట సిటీలో తిరగడం, బార్సెలొనెటా బీచ్‌లో కూర్చోవడం లాంటివన్నీ అక్కడితో సరి.

ఊరిని నేను తప్పుపట్టడం లేదు. బీచ్ బావుంది, కొండ మీది శాంతా క్లొటిల్దా తోటలు చూసి తీరాలి. ఇంటర్ లాంటి పరీక్షలు అయిపోయిన జర్మన్ పిల్లలు డిస్కోల కోసం ఏటా బస్సులు కట్టించుకుని వెళ్లే ఊరది. హోటళ్లు చవక. సరిగ్గా అందుకే ఈ నిర్వాహకులు అక్కడ రూములు తీసుకుని బార్సిలోనా పేరుతో అమ్ముతున్నారు. లోరెట్ అని చెప్పి అమ్మితే ఎవరికీ అభ్యంతరం లేదు. హోటల్ పేరు ఏంటని మేం ముందే చాలాసార్లు అడిగాం. "బయలుదేరే వారం ముందు గ్రూపులో పెడతాం" అన్నారు. పెట్టలేదు.

బస్సు సంగతి చెప్పకపోతే నాకు మనసొప్పదు, ఎందుకంటే ఇది ప్రాణాలతో ముడిపడిన విషయం. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి బార్సిలోనాకి సుమారు 1300 కిలోమీటర్లు. యూరోపియన్ యూనియన్ నిబంధన 561/2006 ప్రకారం ఒక డ్రైవర్ రోజుకు 9 గంటలు, వారంలో రెండుసార్లు మాత్రం 10 గంటల దాకా నడపవచ్చు. నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాల విరామం తప్పనిసరి. రాత్రి ఎక్కి మర్నాటికి చేరాలంటే ఇద్దరు డ్రైవర్లు ఉండి తీరాలి. మా బస్సుకి ఒక్కరే. ఫ్రాన్స్‌లో లియాన్ దాటాక ఒక రెస్ట్ ఏరియాలో ఆయన బండి పక్కన పెట్టి, టాకోగ్రాఫ్ (నడిపిన గంటలు నమోదు చేసే యంత్రం) నుంచి తీసిన కాగితం మాకు చూపించి, ఇక తొమ్మిది గంటల పాటు బండి కదలదని చెప్పి పడుకున్నారు. ఆయన చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. "ఇంకో రెండు గంటలు లాగించెయ్యమను" అని ఆయన మీద ఒత్తిడి తెచ్చిన కోఆర్డినేటర్‌ని మాత్రం నేను క్షమించలేను. యాభై మంది ఉన్నాం ఆ బస్సులో. ఒకమ్మాయి తెచ్చుకున్న పులిహోర డబ్బా పదిమంది పంచుకున్నారు. మొదటిరోజు సిటీ టూర్ ఆ పార్కింగ్‌లోనే పోయింది.

"సగ్రదా ఫమీలియా విజిట్" అని పోస్టర్‌లో ఉంది. తీరా చూస్తే టిక్కెట్లు లేవు. ఆ చర్చికి టిక్కెట్లు ఆన్‌లైన్‌లోనే అమ్ముతారు, టైమ్ స్లాట్ ఉంటుంది, సెలవుల్లో చాలా ముందే అయిపోతాయి. మమ్మల్ని ఎదురుగా, ఆ చర్చి రూపశిల్పి గౌదీ పేరు మీదున్న పార్కులో చెరువు దగ్గర నిలబెట్టి, ఫొటోలు తీసుకోమని, ముప్పావుగంటలో బస్సెక్కమన్నారు. 1882లో మొదలుపెట్టి ఇప్పటికీ కడుతూనే ఉన్న కట్టడం అది. లోపల పొద్దుటి ఎండ నీలం, ఆకుపచ్చ అద్దాల గుండా, సాయంత్రపు ఎండ ఎరుపు, నారింజ అద్దాల గుండా పడేలా గౌదీ ఆలోచన ప్రకారమే ఏర్పాటు చేశారు. ఆ వెలుగు చూడాలనే నేను ఈ ట్రిప్‌కి వచ్చాను. రోడ్డు మీద నుంచి చూస్తే కనిపించేది కాదది. గౌదీదే అయిన పార్క్ గ్వెల్‌కీ అంతే: అసలు చూడాల్సిన మొజాయిక్ అరుగు టిక్కెట్టు ఉన్నవాళ్లకే. కాబట్టి "విజిట్" అని రాసినచోట లోపలికి ఎంట్రీ టిక్కెట్టు ఉందా, ఏ రోజు, ఏ టైమ్‌కి అని అడగండి. నిజంగా బుక్ చేసినవాళ్ల దగ్గర దానికి జవాబు ఉంటుంది.

మెట్రోలో ఇంకో నష్టం. పది ట్రిప్పుల టీ-కాజువల్ కార్డు ఒకటి కొని నలుగురు వాడుకోమన్నాడు కోఆర్డినేటర్. ఆ కార్డు ఒక్క మనిషికే చెల్లుతుంది. చెకింగ్‌లో దొరికి ఫైన్ కట్టింది మాత్రం పిల్లలు. పంచుకోవాలంటే టీ-ఫమిలియార్ అని వేరే కార్డు ఉంది.

హోటల్ కౌంటర్‌లో మరో రెండు వసూళ్లు. ఒకటి టూరిస్ట్ ట్యాక్స్. బార్సిలోనా, లోరెట్ రెండూ ఉన్న కాటలోనియా ప్రాంతంలో ఎక్కడ బస చేసినా రాత్రికి ఇంతని ఉంటుంది, ఏడు రాత్రుల వరకే లెక్కేస్తారు, బార్సిలోనా సిటీలో అయితే మున్సిపాలిటీ అదనపు వడ్డింపు కూడా ఉంటుంది. ఇది న్యాయమైనదే, కానీ "అన్నీ కలిపి" అని అమ్మినవాళ్లు ముందే చెప్పాలి. రెండోది డిపాజిట్. నిర్వాహకులు మనిషికి 30 యూరోలు క్యాష్ తీసుకున్నారు, రశీదు లేదు. చివరి రోజు పొద్దున కౌంటర్‌లో ఉన్నావిడ కాగితం తీసి వేలు పెట్టి చూపించింది: హోటల్ తీసుకుంది మనిషికి 20, అది కూడా గ్రూపు లీడర్‌కి తిరిగి ఇచ్చేసినట్టు సంతకం ఉంది. ఆ డబ్బు మాకు ఇప్పటికీ అందలేదు.

మూడు వందల యూరోలంటే ఏపాటిది అనేవాళ్లుంటారు. వీసా కోసం ముందే డబ్బు వేసి ఉంచే బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకు వచ్చే 992 యూరోల్లో రూమ్ అద్దె, హెల్త్ ఇన్సూరెన్స్ పోగా ఎంత మిగులుతుందో మనకు తెలుసు. మాతో వచ్చినవాళ్లలో చాలామందికి అది వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్టులు చేసి కూడబెట్టిన డబ్బు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. రవాణా, హోటల్ కలిపి ఒకే ధరకి అమ్మితే అది చట్టం దృష్టిలో ప్యాకేజీ టూర్. జర్మనీలో ప్యాకేజీ అమ్మే నిర్వాహకులు ముందుగా డబ్బు తీసుకోవాలంటే జిషెరుంగ్స్‌షైన్ అనే పత్రం మీ చేతికి ఇవ్వాలి. వాళ్లు దివాలా తీసినా మీ డబ్బుకి పూచీ ఎవరిదో ఆ కాగితంలో ఉంటుంది. 2019లో థామస్ కుక్ అనే ట్రావెల్ కంపెనీ కుప్పకూలినప్పుడు ఇన్సూరెన్స్ సొమ్ము చాలలేదు. దాంతో 2021లో ప్రత్యేకంగా ఒక ఫండ్ పెట్టారు, 2024 జూన్‌లో ఎఫ్‌టీఐ అనే మరో ట్రావెల్ కంపెనీ మునిగినప్పుడు ప్యాకేజీ కొన్నవాళ్లకు ఆ ఫండే డబ్బు తిరిగి ఇచ్చింది. మేం ఆ పత్రం అడిగితే "మనం మనం స్టూడెంట్స్‌మే కదా, కంపెనీ కాదు" అన్నారు. లాభం లేకుండా, ఎప్పుడో ఒకసారి, తెలిసిన కొద్దిమంది కోసం పెట్టుకునే ట్రిప్‌కి మినహాయింపు ఉన్నమాట నిజం. ప్రతి సెలవులకీ పోస్టర్ వేసి, ముక్కూమొహం తెలియని వందమందికి అమ్మేది ఆ మినహాయింపులోకి రాదు. తెలుగువాళ్లే కదా అన్న నమ్మకం మీదే వీళ్ల వ్యాపారమంతా నడుస్తోంది.

డబ్బు పంపే దారి కూడా చూసుకోండి. పేపాల్‌లో "ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ" కింద పంపమన్నారంటే అక్కడే ఆగిపోండి, దానికి కొనుగోలుదారు రక్షణ ఏదీ ఉండదు. ఒక వ్యక్తి సొంత అకౌంట్‌కి బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ చేసినా వెనక్కి రప్పించడం చాలా కష్టం. కార్డుతో కడితే కనీసం బ్యాంకు ద్వారా చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు వెనక్కి, అడగవచ్చు.

ఐర్లాండ్, యూకేలో చదివే మన పిల్లలకు ఒక మాట. ఆ దేశాలు షెంజెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో) లేవు, మీ స్టూడెంట్ పర్మిట్‌తో స్పెయిన్‌లోకి రానివ్వరు, వీసా కావాలి. ఫీజు 90 యూరోలు, 30,000 యూరోల ఇన్సూరెన్స్, అసలైన హోటల్ బుకింగ్ చూపించాలి. "వీసా గ్యారంటీ" అనే మాట ఎవరు చెప్పినా నమ్మకండి, ఆ నిర్ణయం కాన్సులేట్‌ది. వీసా రాకపోతే ట్రిప్ డబ్బు తిరిగిస్తారా అన్నది రాతలో తీసుకోండి. అలాగే చెక్-ఇన్ కోసమని పాస్‌పోర్టులు అన్నీ పోగుచేసి కోఆర్డినేటర్ సంచిలో పెట్టుకుంటే ఒప్పుకోవద్దు. బార్సిలోనాలోని లా రాంబ్లా వీధిలో, మెట్రోలో జేబుదొంగలు ఎక్కువ. ఆ ఒక్క సంచి పోతే అందరూ ఇరుక్కుంటారు.

జూన్ పెంతెకోస్తు సెలవుల ట్రిప్‌కి ఇప్పటికే అడ్వాన్స్ కట్టినవాళ్లు ఈరోజే ఈమెయిల్ పెట్టండి, ఫోన్‌లో మాట్లాడి వదిలేయకండి. హోటల్ పేరు, అడ్రసు, డ్రైవర్లు ఎందరు, ఎంట్రీ టిక్కెట్లు, జిషెరుంగ్స్‌షైన్ అడగండి. హోటల్ బార్సిలోనాలో లేదని తేలితే, అమ్మిన ట్రిప్‌లో ముఖ్యమైన మార్పు చేశారు కాబట్టి రద్దు చేసుకుంటున్నామని రాసి మొత్తం డబ్బు అడగవచ్చు. ఆ పోస్టర్, చాట్‌లు స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, వాళ్లు గ్రూపులో మెసేజ్‌లు డిలీట్ చేస్తున్నారు. ట్రిప్ మధ్యలో ఏదైనా తేడా కనిపిస్తే అక్కడికక్కడే రాతపూర్వకంగా చెప్పి సరిచేయమనండి, చెప్పకుండా ఊరుకుంటే తర్వాత ధర తగ్గించమనే హక్కు పోవచ్చు. మాతో ఈస్టర్‌కి వచ్చినవాళ్లకు ట్రిప్ ముగిసిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంది. నిర్వాహకులు జర్మనీవాళ్లయితే మీ రాష్ట్రంలోని ఫెర్‌బ్రౌఖర్‌త్సెంట్రాలెకి (వినియోగదారుల సలహా కేంద్రానికి) వెళ్లండి, వేరే ఈయూ దేశంలో రిజిస్టర్ అయినవాళ్లయితే కెల్ ఊళ్లోని యూరోపియన్ కన్స్యూమర్ సెంటర్ ఉచితంగా సాయం చేస్తుంది. మేం కొందరం కలిసి ఒకే ఫిర్యాదు తయారు చేస్తున్నాం. డిపాజిట్ తిరిగిరాని వాళ్లు కామెంట్‌లో చెప్పండి, డ్రాఫ్ట్ పంపిస్తాను.