పాటకి టైమ్ ఎక్కడ దొరుకుతుంది: ఇంట్లో సాధనా, ఆన్‌లైన్ క్లాసా, గుడి మండపంలో బృందమా?

పదో తరగతి వచ్చిందని సంగీతం మాన్పించేయడం మన ఇళ్ళలో మామూలే. నన్నూ అలాగే మాన్పించారు. అప్పటికి తొలి పాఠాలు దాటి వర్ణాల దాకా వచ్చాను. తర్వాత ఇంటర్, డిగ్రీ, ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు. నలభై రెండో ఏట మళ్ళీ పాడాలని గట్టిగా అనిపించింది. అనిపించినంత సులువు కాదు, రోజులో దానికి చోటు దొరకడం. గత మూడేళ్ళలో మూడు దారులూ పట్టి చూశాను. తెల్లవారుజామున ఇంట్లో ఒక్కదాన్నే సాధన చేశాను. ఆన్‌లైన్‌లో ఒక టీచరు దగ్గర నేర్చుకున్నాను. ఇప్పుడు విజయవాడలో మా ఇంటికి రెండు వీధుల అవతల, గుడి మండపంలో శనివారం సాయంత్రం కూడే బృందంలో పాడుతున్నాను. నాలాంటి ఉద్యోగస్తులకి ఏది మేలో నాకొక అభిప్రాయం ఏర్పడింది.

ముందు ఇంటి సాధన సంగతి. దీనికి ఖర్చు లేదు, తంబురా శ్రుతి ఇచ్చే యాప్ ఫోన్‌లో ఉంటే చాలు. మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు అనే తొలి పాఠాలని మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో పాడుకుంటే పాతికేళ్ళు మూలపడ్డ గొంతు మెల్లగా దారికొస్తుంది. పై షడ్జం (పై ‘స’) మీద నిలబడే శక్తి అలా రోజూ పాడితేనే వస్తుంది, వారానికోసారి పాడితే రాదు. మన గొంతుకి తగిన శ్రుతి పెట్టుకోవచ్చు, ఒకే సంగతిని, అంటే పాటలో ఒక పంక్తిని మార్చి పాడే తీరుని, ఇరవైసార్లు పాడుకోవచ్చు. ఈ విషయంలో మిగతా రెండూ ఇంటి సాధనకి సాటిరావు.

కానీ ఆ టైమ్ నిలవదు. మొదటి నెల ఇరవై రెండు రోజులు ఐదింటికి లేచి కూర్చున్నాను. రెండో నెల తొమ్మిది రోజులు. మూడో నెలలో పిల్లల పరీక్షలొచ్చాయి, అంతటితో ఆగిపోయింది. నేను పాడుతున్నా ఇంట్లోవాళ్ళ కంటికి ఖాళీగానే ఉన్నట్టు. పాలవాడొచ్చాడు, టవల్ ఎక్కడుంది, నా ఐడీ కార్డు చూశావా అంటూ అందరికీ నేనే కావాలి. పాట మానేస్తే మాత్రం ఎందుకు మానేశావని అడిగినవాళ్ళు లేరు. అపార్ట్‌మెంట్ గోడల అవతల ఎవరు వింటున్నారో అని గొంతు తగ్గించి పాడటం ఇంకో అలవాటైంది. అది గొంతుకి మంచిది కాదు.

ఆన్‌లైన్ క్లాసు ఇంతకంటే నయం. నేను శుద్ధ రిషభాన్ని (కింది ‘రి’ని) కాస్త పైకి పాడుతున్నానని మొదటి క్లాసులోనే టీచరు పట్టుకున్నారు. ఒంటరిగా అయితే ఆ తప్పునే ఏళ్ళతరబడి గట్టిపరచుకునేదాన్ని. దగ్గర్లో గురువు లేని ఊళ్ళవాళ్ళకీ, అమెరికాలో పిల్లలకి మన సంగీతం నేర్పించాలనుకునే తల్లిదండ్రులకీ ఇది నిజంగా పెద్ద వరం. దీనికున్న ఇబ్బంది నెట్ వేగంతో పూర్తిగా తీరేది కాదు. గొంతు అటు చేరి ఇటు రావడానికి కొంచెం ఆలస్యం అవుతుంది కాబట్టి గురువు, శిష్యురాలు ఒకే తాళంలో కలిసి పాడలేరు. ఆవిడ పాడి ఆపాలి, అప్పుడు నేను పాడాలి. సంగతులు నేర్చుకోవడానికి అది సరిపోతుంది గానీ లయ కుదరడానికి సరిపోదు. ఇంకోటి, జూమ్‌లాంటివి తంబురా నాదాన్ని ఫ్యాన్ చప్పుడులా లెక్కేసి తీసేస్తాయి. సెట్టింగుల్లో ‘ఒరిజినల్ సౌండ్’ ఆన్ చేసుకుంటే శ్రుతి వినిపిస్తుంది. ఇది తెలియక రెండు నెలలు అవస్థపడ్డాను. ఇక టైమ్ విషయానికొస్తే, ‘ఇవాళ కుదరదు టీచర్’ అని ఒక్క మెసేజ్ పెడితే క్లాసు ఆగిపోతుంది. నేను చాలాసార్లు పెట్టాను.

బృందం దగ్గరికి వచ్చేసరికి లెక్క మారింది.

మా బృందంలో పన్నెండు మందిమి. వయొలిన్ వాయించే రిటైరైన మాస్టారు, కిరాణా కొట్టాయన, ఇద్దరు డిగ్రీ అమ్మాయిలు, మిగతావాళ్ళు నాలా ఉద్యోగాలవాళ్ళు, గృహిణులు. శనివారం ఐదు నుంచి ఆరున్నర దాకా. వరసగా రెండు వారాలు వెళ్ళకపోతే ఫోన్ వస్తుంది, “ఏమ్మా, ఒంట్లో బాగుంటోందా?” అని. ఇంట్లో సాధనకి లేనిదల్లా ఆ ఫోనే. చెప్పులేసుకుని గడప దాటానంటే ఇంట్లోవాళ్ళకి కూడా అర్థమైపోతుంది, శనివారం సాయంత్రం అమ్మ ఉండదని. ఇప్పుడు ఆ గంటన్నరలో మా ఇంట్లో ఎవరి టవల్ వాళ్ళే వెతుక్కుంటున్నారు. నాకొక్కదానికే తెలిసిన టైమ్‌ని ఎవరైనా లాక్కుపోయేవాళ్ళు. పన్నెండు మందికి తెలిసిన టైమ్ జోలికి ఎవరూ రావడం లేదు.

కలిసి పాడటం తక్కువరకం పాట అనుకునేవాళ్ళుంటారు. పుష్య బహుళ పంచమి నాడు త్యాగరాజస్వామి ఆరాధనకి ఎక్కడైనా వెళ్ళి కూర్చుంటే ఆ అభిప్రాయం నిలవదు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాల్లోని ఆయన పంచరత్న కృతులు ఐదూ ఆదితాళమే. ఒక్క తాళం పట్టుకుంటే చాలు, కొత్తవాళ్ళు కూడా గుంపుతో చివరిదాకా సాగిపోవచ్చు. వరాళి సంగతైతే మరీ విచిత్రం. ఆ రాగాన్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి నేర్పితే గురుశిష్యుల మధ్య ఎడం వస్తుందని ఒక నమ్మకం. అందుకని ఎంతోమంది దాన్ని పదిమందిలో వింటూనే పట్టుకున్నారు. త్యాగరాజస్వామి సమాధి ఉన్న తిరువాయూరులో ఆడవాళ్ళు ఆరాధన నాడు కలిసి పాడే గోష్ఠిలో కూర్చోవడం కూడా ఊరికే వచ్చింది కాదు. ఆ సమాధి దగ్గర తన సొంత సొమ్ముతో మందిరం కట్టించిన గాయని బెంగుళూరు నాగరత్నమ్మ, ఆరాధనలో స్త్రీలని పాడనివ్వకపోతే వాళ్ళతో వేరే బృందం కట్టారు. 1940 ప్రాంతానికి గానీ అందరూ ఒక్కచోట చేరలేదు. మా మండపంలో ముందు వరుసలో కూర్చున్నప్పుడల్లా నాకు ఆవిడే గుర్తొస్తారు.

బృందంలో లోపాలు లేకపోలేదు. మగవాళ్ళకి ఒకటి, ఒకటిన్నర శ్రుతి, ఆడవాళ్ళకి ఐదు, ఐదున్నర వీలుగా ఉంటాయి (అంకె పెరిగితే శ్రుతి హెచ్చినట్టు). కలిసి పాడితే ఎవరో ఒకరు సర్దుకోవాలి. మన తప్పులు పక్కవాళ్ళ గొంతులో కలిసిపోయి బయటపడవు. అందరూ ఒకేలా పాడాలి కాబట్టి గమకాలు, అంటే స్వరాల ఊపులు, కొంత చదునవుతాయి. నవరాత్రుల్లో ప్రోగ్రామ్ ఉందంటే మైకు దగ్గర ఎవరు కూర్చోవాలనే మాట వస్తుంది, కొన్నాళ్ళు మనసులు నొచ్చుకుంటాయి కూడా. కచేరీ చేసే స్థాయి కావాలనుకునేవాళ్ళకి ఇది చాలదు.

అయినా వారానికి మూడు గంటలే ఉన్నవాళ్ళకి నేను ముందు బృందంలోనే చేరమంటాను. ఎందుకంటే ఇంటి సాధన కూడా దానివల్లే నిలబడింది. వచ్చే శనివారానికి చరణం రావాలంటే మధ్యలో నాలుగు రోజులు పావుగంట చొప్పున పాడుకోక తప్పదు. ‘రోజూ గంట సాధన’ అనుకున్నప్పుడు నెలల తరబడి పాడనిదాన్ని ఇప్పుడు ఆ పావుగంట వదలడం లేదు. ఆన్‌లైన్ టీచరుని మానలేదు. నెలకి రెండు క్లాసులు పెట్టుకుని, బృందంలో పాడే కృతినే ఆవిడకి వినిపించి తప్పులు దిద్దించుకుంటున్నాను.

చంటిపిల్లలున్నవాళ్ళకి, షిఫ్టు డ్యూటీలవాళ్ళకి ఈ క్రమం కుదరదు. వాళ్ళకి ఆన్‌లైనే దిక్కు, అందులో తప్పేమీ లేదు. ప్రభుత్వ సంగీత కళాశాలలో సర్టిఫికెట్, ఆ తర్వాత డిప్లొమా చేయాలనుకునేవాళ్ళు ముందు గురువునే వెతుక్కోవాలి.

బృందం ఎక్కడుందో తెలియకపోతే మీ పేట గుళ్ళో అడగండి. కార్తీకమాసంలో, శ్రీరామనవమి పందిళ్ళలో పాడేవాళ్ళు ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట కూడుతూనే ఉంటారు. సంగీత కళాశాల దగ్గర అడిగినా చెబుతారు. ఎవరూ లేకపోతే నలుగురు చాలు, మేడమీద చాప పరిస్తే సరిపోతుంది. బెరుకుగా ఉంటే మొదటి రెండు వారాలు వెనక వరుసలో కూర్చుని తాళం వేయండి. నేనూ అలాగే మొదలుపెట్టాను, ఎవరూ ఏమీ అనలేదు.

పోయిన శనివారం మేం వరాళి మొదలుపెట్టాం. మాస్టారు నేర్పనంటే నేర్పనన్నారు. కళ్ళు మూసుకుని తన పాటికి తను పాడుతున్నారు, మేం వెనకాలే అందుకుంటున్నాం.