తేమ ఊళ్లో పురుగులు: మందు కొట్టడమా, ఇల్లు ఆరబెట్టుకోవడమా?

అనంతపురంలో పుట్టి పెరిగినదాన్ని. పెళ్లయి విశాఖపట్నం వచ్చిన మొదటి వానాకాలంలోనే డబ్బాలో ఉప్పు నీరుకారిపోయింది. మా అమ్మ వాళ్లింట్లో ఏడాది పొడవునా పొడిపొడిగా రాలే ఉప్పే అది. అప్పడాలు మెత్తబడ్డాయి, అగ్గిపుల్ల గీస్తే అంటుకోలేదు, బాత్రూమ్ తలుపు ఉబ్బి బిగుసుకుపోయింది. ఆ వెనకే ఒక్కొక్కటిగా పురుగులు దిగాయి. వంటింట్లో బొద్దింకలు, బియ్యంలో ముక్కుపురుగులు, పుస్తకాల్లో వెండిరంగు సిల్వర్‌ఫిష్, కొన్నాళ్లకు చెదలు.

అప్పట్లో నాకు తెలిసిన విరుగుడు ఒక్కటే, మందు కొట్టడం. పదేళ్లకు పైగా ఈ తీరంలో కాపురం చేశాక నా లెక్క మారింది. మొదటి రూపాయి నీరు, చెమ్మ ఆపడానికి పెట్టాలి, రెండోది మందుకు. ఒక్క చెదల దగ్గర మాత్రం ఈ లెక్క సరిపోదు, అక్కడ రెండూ కావాలి.

పురుగు ఒళ్లు చాలా చిన్నది. అంత చిన్న ఒంట్లోంచి నీరు తొందరగా ఆరిపోతుంది. పొడి ఊళ్లో అది నీటిచుక్క వెతుక్కుంటూ తిరగక తప్పదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల గాలిలోనే దానికి కావలసినంత తడి ఉంటుంది. పరుపుల్లో ఉండే కంటికి కనపడని దుమ్ము పురుగులైతే గాలిలోంచే నీరు పీల్చుకుని బతుకుతాయి. గాలిలో తేమ 50 శాతానికి లోపే ఉంటే అవి నిలదొక్కుకోలేవు. సిల్వర్‌ఫిష్‌కి 75 శాతం దాటితే పండగే. ఇక చెమ్మ గోడకు పట్టిన బూజే తిండిగా బతికే సన్నపురుగులు వేరే. వంటింట్లో తిరిగే చిన్నరకం బొద్దింక తిండి లేకుండా నెల దాకా ఉండగలదు కానీ, నీళ్లు లేకపోతే రెండు వారాలు గడవడం కష్టం. ఈ ఒక్క సంగతి ముందే తెలిసుంటే నేను ఎన్ని స్ప్రే డబ్బాలు కొనకుండా ఉండేదాన్నో.

ఒక చిన్న సలహా. గాలిలో తేమ చూపించే మీటర్ కొన్ని వందలకే దొరుకుతుంది, ఒకటి కొనండి. ఆగస్టు రాత్రుల్లో మా వంటింట్లో అది 84 చూపిస్తుంది. ఏప్రిల్‌లో అనంతపురం తీసుకెళ్తే అమ్మ వాళ్ల హాల్లో 30 కూడా దాటలేదు. రెండిళ్లకూ ఒకే చిట్కా ఎలా పనిచేస్తుంది?

బియ్యం, పప్పులు

ధాన్యం అమ్మే రైతుకు తేమ విలువ బాగా తెలుసు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే కాటా వేయరు. బియ్యం నిల్వ ఉండాలంటే 14 శాతం దాటకూడదు. మనం బస్తా ఇంటికి తెచ్చి మూతి విప్పి వంటింటి మూల నిలబెడతాం. బయటి గాలిలో తేమ 80 శాతం ఉంటే బియ్యం ఆ తడిని పీల్చుకుని కొన్నాళ్లకు 15 శాతం దాటిపోతుంది. ముక్కుపురుగుకు కావలసింది అదే.

పైగా ఆడ ముక్కుపురుగు గింజకు సన్నటి రంధ్రం చేసి లోపల గుడ్డు పెట్టి, పైన జిగురుతో మూసేస్తుంది. అందుకే బస్తా తెచ్చిన రోజు ఒక్క పురుగూ కనపడదు. ఈ వేడికి, ఈ తేమకు నెల తిరిగేసరికి అవి బయటికొస్తాయి. కొట్టువాడిని తిట్టుకుంటాం కానీ, మన మూల చెమ్మ కూడా అందులో సగం పని చేసింది. గింజలో తేమ 9, 10 శాతానికి దిగితే ఈ పురుగుకు సంతానం సాగదు.

మా అమ్మ పద్ధతి ఎండ. కందులకు ఎర్రమన్ను పట్టించి మిద్దె మీద ఎండబోస్తే అనంతపురంలో పురుగు మాటే ఉండదు. నేను ఇక్కడ అదే చేయబోయి రెండు రకాలుగా నష్టపోయాను. వానాకాలంలో ఆ ఎండ రాదు. వచ్చిన రోజు పోస్తే, మర ఆడిన బియ్యం కటిక ఎండకు పగిలి నూకలైపోయింది. సాయంత్రం ఎత్తి అదే బస్తాలో పోస్తే వారంలో మళ్లీ తడి పట్టింది. ఎండ గొప్పదే, కానీ ఆరిన గింజను గాలి తగలకుండా మూయగలిగితేనే.

వేపాకు గురించి నిజాయితీగా చెప్పాలంటే, అది కొంతవరకు పురుగును దూరం పెడుతుంది, లోపలున్న గుడ్డును చంపదు. చాలామంది చేసే పొరపాటు పచ్చి ఆకు వేయడం. పచ్చి ఆకు అంటే డబ్బాలోకి నీరు తెచ్చి పోసినట్టే, ఆకు చుట్టూ ఉన్న బియ్యం ముక్కిపోతుంది. నీడలో గలగలలాడేలా ఆరిన ఆకే వేయాలి. వెల్లుల్లి, లవంగాలు కూడా ఈ కోవలోవే.

బోరిక్ పౌడర్ కలపడం మన ఇళ్లలో బాగా అలవాటు. పురుగు చావడం నిజమే. కానీ అది తినే వస్తువు కాదు. కడిగితే పోతుందని అంటారు, పిల్లలున్న ఇంట్లో ఆ నమ్మకం మీద అన్నం వండటం నాకు ఇష్టం లేదు. కొందరు వేసే పాదరసం బిళ్ళలు అంతకంటే చెడ్డవి. ఇక గోదాముల్లో ధాన్యానికి పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు ఎవరైనా ఇస్తానన్నా ఇంట్లోకి తేవద్దు. అవి గాలిలో తడి తగిలితే ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతాయి, దానికి విరుగుడు లేదు. మన తేమ ఊళ్లలో ఆ వాయువు ఇంకా త్వరగా పుడుతుంది. పడుకునే గది పక్కన అలాంటిది పెట్టడమంటే ప్రాణాలతో ఆడుకోవడమే.

మా అత్తయ్యగారిది కోనసీమ. చుట్టూ కాలువలు, ఏడాదంతా తడి. ఆ ఊరి పద్ధతి ఆ ఊరికి తగ్గట్టే ఉంది. కందిపప్పుకు కిలోకి ఒక చెంచా ఆముదం అరచేతులతో పట్టించి బిగుతు మూత డబ్బాలో పోస్తారు. నూనె పొర మీద గుడ్డు నిలవడం, పిల్లపురుగు లోపలికి తొలుచుకోవడం కష్టం. ఇంకో మాట కూడా ఆవిడే చెప్పారు: పెసలు, శనగలు, బొబ్బర్లు గింజలుగా ఉంటే తొందరగా పుచ్చుతాయి, బద్దలుగా విడగొడితే నిలుస్తాయి. పప్పు పురుగు పూర్తి గింజ మీద గుడ్డు పెట్టడానికే ఇష్టపడుతుంది. పెసల మీద తెల్ల చుక్కలు కనిపిస్తే అవి ఆ గుడ్లే.

నా ఓటు ఎక్కడంటే, పెద్ద బస్తా మానేసి నెలకు సరిపడా కొనడం, తెచ్చిన పప్పులు, రవ్వ, పిండి కవర్లో కట్టి నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచడం, తీశాక కవర్ మీద పట్టిన చెమట పూర్తిగా ఆరేదాకా విప్పకుండా ఉంచి ఆ తర్వాత డబ్బాలో పోయడం. చలికి గుడ్డు కూడా చస్తుంది, మందు అవసరం పడదు. బియ్యం మొత్తం ఫ్రీజర్‌లో పట్టదు కాబట్టి దాన్ని రబ్బరు వాచర్ ఉన్న స్టీలు డబ్బాలో అంచుదాకా నింపుతాను. డబ్బాలో ఖాళీ ఎంత తక్కువుంటే పురుగుకు గాలి అంత తక్కువ. ఊరి నుంచి క్వింటాల్ బియ్యం వచ్చే ఇంటికి ఇది కుదరదని తెలుసు. వాళ్లు ఒక్క పెద్ద డ్రమ్ముకు బదులు నాలుగైదు చిన్న డబ్బాలు చేసుకుని, వాడేది తప్ప మిగతావి తెరవకుండా ఉంటే చాలా మేలు.

బొద్దింకకు స్ప్రేనా, జెల్లా?

స్ప్రేతో కళ్ల ముందు నాలుగు బొద్దింకలు వెల్లకిలా పడతాయి, మనసుకు తృప్తి. కానీ గోడ సందులో ఉన్న నలభైకి అది తగలదు. గుడ్ల సంచిలోకి మందు సరిగా దిగదు. చిన్నరకం బొద్దింక ఒక్కో సంచిలో ముప్పై నలభై గుడ్లు మోసుకుని తిరుగుతుంది. అందుకే రెండు మూడు వారాలకు మళ్లీ మొదటికొస్తుంది.

జెల్ అంటే మందు కలిపిన ఎర, అది వేరే రకంగా పనిచేస్తుంది. బొద్దింక దాన్ని తిని సందులోకి వెళ్లి చస్తుంది, దాని రెట్టను, కళేబరాన్ని తిన్న మిగతావి కూడా చస్తాయి. అల్మారా మడతబందుల దగ్గర, స్టవ్ గట్టు కింద, ఫ్రిజ్ వెనక మెంతిగింజంత చుక్కలు చాలు. వారం, పది రోజులు ఓపిక పట్టాలి. ఒక షరతు: జెల్ పెట్టిన చోట స్ప్రే కొట్టకూడదు, ఫినాయిల్‌తో తుడవకూడదు. ఆ వాసనకు బొద్దింక దగ్గరికే రాదు. మొదటిసారి నేను రెండూ కలిపి వాడి డబ్బులు దండగ చేసుకున్నాను.

ఇందాక బియ్యంలో వద్దన్న బోరిక్ పౌడర్ ఇక్కడ పనికొస్తుంది. సింక్ కింద, పిల్లల చేతికి అందని సందుల్లో కనీకనపడనంత పలుచగా చల్లాలి. కుప్ప పోస్తే బొద్దింక పక్కనుంచి పోతుంది. చెమ్మ తగిలితే గడ్డకట్టి పనిచేయదు కాబట్టి ఆ చోటు పొడిగా ఉండాలి.

అదే అసలు సంగతి. జెల్ ఎంత మంచిదైనా, రాత్రంతా సింక్‌లో నీళ్లు నిలిచి, తడి మసిగుడ్డ గట్టు మీద పడి, ఫ్రిజ్ వెనక ట్రేలో నీరుంటే కొత్త బొద్దింకలు వస్తూనే ఉంటాయి. పడుకునే ముందు సింక్ పొడిగుడ్డతో తుడవడం, మసిగుడ్డ బయట ఆరేయడం, జాలీ మీద మూత పెట్టడం. ఈ మూడు పనులకు ఐదు నిమిషాలు. మా ఇంట్లో బొద్దింకలు నిజంగా తగ్గింది, కారే సింక్ పైపు మార్చిన నెలలో. పెద్ద ఎర్ర బొద్దింకలు మాత్రం డ్రైనేజీ నుంచి వస్తాయి, వాటికి సన్న జాలీ, ఎప్పుడూ నీరు నిలిచి వాటి దారి మూసే పైపు వంపు (ట్రాప్) తప్ప జెల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

బీరువా, పుస్తకాలు

కలరా ఉండల (నాఫ్తలీన్) వాసన బట్టల పురుగును తరుముతుంది కానీ తేమను తగ్గించదు. ఉండలు వేసిన బీరువాలోనే నా పట్టుచీర అంచుకు బూజు పట్టింది. ఇంట్లో పసిబిడ్డ ఉంటే ఇవి అసలు వద్దు. జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉన్న పిల్లలకు నాఫ్తలీన్ తగిలితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, లోపం ఉందో లేదో చాలామందికి ముందుగా తెలియదు. వాటికి బదులు బీరువాను గోడకు నాలుగు అంగుళాలు ఎడంగా జరిపి, తేమ పీల్చే సిలికా జెల్ సంచులు పెట్టడం మేలు. తడి పట్టిన సంచులను బాగా ఆరబెట్టి మళ్లీ వాడాలి. సంక్రాంతికి ముందు ఇల్లంతా దులిపి, బట్టలు, పుస్తకాలు బయట పరిచే మన ఆనవాయితీ తీరానికి సరిగ్గా సరిపోతుంది. ఏడాదిలో ఇక్కడ గాలి కాస్త పొడిబారేది ఆ రోజుల్లోనే. పట్టును మాత్రం నీడనే ఆరేయాలి.

ఫ్యానా, ఏసీయా, తేమ లాగే యంత్రమా?

కిటికీలు తెరిస్తే తేమ పోతుందనుకుంటాం. వానాకాలం తెల్లవారుజామున తెరిస్తే ఇంకా తేమ లోపలికొస్తుంది. మధ్యాహ్నం 12 నుంచి 4 వరకు తెరిచి, ఆ తర్వాత మూస్తేనే లాభం. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ అన్నం ఉడికేటప్పుడే కాదు, వంట అయ్యాక పావుగంట కూడా తిరగాలి. ఏసీలో డ్రై మోడ్ ఉంటే పడకగదికి వేరే యంత్రం అక్కర్లేదు. విడిగా తేమ లాగే యంత్రం 300 వాట్లది రోజుకు 8 గంటలు నడిస్తే సుమారు రెండున్నర యూనిట్లు కాలుతుంది, గది కొంచెం వేడెక్కుతుంది కూడా. సముద్రానికి దగ్గరగా, కింది అంతస్తులో, గోడలు చెమ్మగిల్లే ఇంట్లో పుస్తకాలో, ఉబ్బసం ఉన్న మనిషో ఉంటే కొనమంటాను. లేకపోతే ఆ డబ్బు గోడ పగుళ్లు పూడ్చడానికి, పైపుల మరమ్మతుకు పెట్టండి.

చెదలు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా హాలు కిటికీ పగిలి గోడ రోజంతా తడిసింది. పైకి ఆరింది కానీ, చెక్క అల్మారా వెనక చెమ్మ అలాగే ఉండిపోయింది. మరుసటి ఏడు ఆ వెనకే మట్టి గొట్టాలు కనిపించాయి. కిరోసిన్ పోశాం. పోసిన చోట ఉన్నవి చచ్చాయి, మూరెడు దూరంలో కొత్త గొట్టం లేచింది. కనపడేవి కూలీలు మాత్రమే, రాణి ఇంటి కింద నేలలో ఎక్కడో ఉంటుంది. అక్కడికి కిరోసిన్ చేరదు.

అందుకే చెదలకు గృహవైద్యం నమ్మను. గోడ అడుగున అడుగుకో రంధ్రం చొప్పున డ్రిల్ చేసి, ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందు నేలలోకి ఎక్కించే పద్ధతే మేలు. లైసెన్స్ ఉన్నవాళ్లతోనే చేయించాలి. ఏ మందు, ఎంత పాళ్లలో కలుపుతున్నారో బిల్లు మీద రాయించుకోండి. చెదల నివారణకు ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 6313 ప్రకారం చేస్తారా అని అడిగితే, పని తెలిసినవాళ్లెవరో మాటల్లోనే తేలిపోతుంది.

అయితే వాళ్లను పిలిచే ముందు ప్లంబర్‌ను పిలవాలి. మొదటిసారి మేం చెమ్మ ఆపకుండా మందు ఎక్కించాం, రెండేళ్లలో ఇంకో గోడకు చెదలు వచ్చాయి. రెండోసారి బాత్రూమ్ వెనక కారే పైపు మార్చి, గోడ ఆరేదాకా నెల ఆగి, అప్పుడు డ్రిల్ చేయించాం. ఇప్పటికీ ప్రతి జులైలో టార్చి పట్టుకుని అల్మారాల వెనక, గుమ్మాల అడుగున చూస్తాను. మట్టి గీత కనపడితే విరిచి, రెండ్రోజులాగి మళ్లీ చూస్తాను. అతుక్కుని ఉంటే ఫోన్ చేస్తాను.